బడికి పంపాలా, వద్దా? – కరోనా కాలం తల్లిదండ్రులకు నేర్పిన పాఠం



2020వ సంవత్సరం చివరి నెలలు మీకు గుర్తుండే ఉంటాయి. నెలల తరబడి మూతబడిన బడి నుండి ఇంటికి ఒక కాగితం వచ్చింది. బిడ్డను బడికి పంపడం మీకు సమ్మతమేనని రాసి సంతకం పెట్టి ఇవ్వాలి. బడులు తెరిచినా హాజరు కోసం పిల్లలను బలవంతం చేయరాదనీ, తల్లిదండ్రుల రాతపూర్వక సమ్మతి ఉండాలనీ 2020 సెప్టెంబరు 30న కేంద్ర హోం శాఖ ఇచ్చిన మార్గదర్శకాలలో ఉంది. అంటే నిర్ణయం మీ చేతికే వచ్చింది.

ఆ కాగితం ముందు చాలామంది చెయ్యి ఆగిపోయింది. కొందరు వెంటనే సంతకం పెట్టి ఇచ్చారు. ఒకే ఇంట్లో తల్లి ఒక మాట, తండ్రి ఒక మాట, నానమ్మ ఇంకొక మాట అన్న సందర్భాలూ ఉన్నాయి. పంపమన్నవారూ, పంపుతామన్నవారూ ఇద్దరూ బిడ్డ మీది ప్రేమతోనే ఆ మాట అన్నారు. అయితే బిడ్డ విషయంలో ప్రేమతో పాటు సరైన సమాచారం కూడా కావాలి. ఆనాడు మనకు తెలియని కొన్ని సంగతులు ఈనాడు తెలిశాయి. వాటిని తెలుసుకోవడం రెండు విధాల అవసరం. ఆ రోజుల నష్టం ఇంకా తీరని పిల్లలు మన మధ్య ఉన్నారు. పైగా అటువంటి వ్యాధి మళ్ళీ రాదని ఎవరూ చెప్పలేరు.

బడులు ఎంతకాలం మూతబడ్డాయి?

2020 మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్‌ను మహమ్మారిగా ప్రకటించింది. తెలంగాణలో మార్చి 16 నుండి, ఆంధ్రప్రదేశ్‌లో మార్చి 19 నుండి బడులు మూతబడ్డాయి. ఆ సంవత్సరం రెండు రాష్ట్రాలలోనూ పదవ తరగతి పరీక్షలు రద్దయ్యాయి.

ఆంధ్రప్రదేశ్‌లో 2020 నవంబరు 2న పెద్ద తరగతులు మొదలయ్యాయి. ఒకటి నుండి ఐదు తరగతుల పిల్లలు 2021 ఫిబ్రవరి 1న బడికి వచ్చారు. రెండవ ఉధృతి రావడంతో ఏప్రిల్ 20 నుండి ఒకటి నుండి తొమ్మిది తరగతులు మళ్ళీ ఆగిపోయి, ఆగస్టు 16న తెరుచుకున్నాయి. తెలంగాణలో తొమ్మిదవ తరగతి, ఆపై తరగతులు 2021 ఫిబ్రవరి 1న మొదలైనా, మార్చి 24 నుండి మళ్ళీ మూసివేశారు. అక్కడ చిన్న తరగతుల పిల్లలు బడి గడప తొక్కింది 2021 సెప్టెంబరు 1నే. అంటే దాదాపు పదిహేడున్నర నెలల తరువాత! దేశం మొత్తం మీద ఒకటి నుండి పన్నెండు తరగతుల పిల్లలు 24 కోట్లకు పైగా ఈ మూసివేత వలన ప్రభావితులయ్యారని యూనిసెఫ్ తెలిపింది.

పంపము అన్నవారి మాట

"చదువు పోతే మళ్ళీ వస్తుంది, ప్రాణం పోతే వస్తుందా?" – ఆ రోజుల్లో ఇంటింటా వినబడిన మాట ఇది. ఇందులో తప్పేమీ లేదు. వచ్చింది కొత్త వ్యాధి. మందు లేదు, టీకా లేదు. ఇంట్లో సుగరు, బీపీ ఉన్న తాతయ్యలు, అమ్మమ్మలు ఉన్నారు. బిడ్డకు ఏమీ కాకపోయినా, బిడ్డ తెచ్చిన వైరస్ వలన పెద్దవారికి ప్రమాదం కలుగుతుందేమోనని భయం. ఒక్కొక్క తరగతి గదిలో యాభైమంది, ఒక్కొక్క ఆటోలో పదిమంది పిల్లలు కూర్చునే చోట ఎడం పాటించడం జరిగే పని కాదని అందరికీ తెలుసు. 2021 ఏప్రిల్, మే నెలల్లో ఆక్సిజన్ కోసం, పడకల కోసం జనం పడిన బాధలు చూసిన తరువాత ఆ భయం ఇంకా పెరిగింది.

పంపుతాము అన్నవారి మాట

రెండవ వైపు కూలిపనికి వెళ్ళే తల్లులున్నారు. బడి లేకపోతే బిడ్డను ఎవరు చూస్తారు? ఇంట్లో ఒక్కటే ఫోను. దాన్ని తండ్రి పనికి తీసుకుపోతే పాఠం ఎవరికి? 2020లో గ్రామీణ ప్రాంతాలలో జరిపిన 'అసర్' సర్వే ప్రకారం బడిలో పేరున్న పిల్లల ఇళ్ళలో 61.8 శాతం ఇళ్ళకు స్మార్ట్‌ఫోను ఉంది. మిగిలిన ఇళ్ళ మాట ఏమిటి? యాదగిరి, సప్తగిరి ఛానళ్ళలో పాఠాలు వచ్చాయి గాని, అర్థం కానిచోట టీవీని ఆపి ప్రశ్న అడగలేము కదా!

2021 ఆగస్టులో 15 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాలలోని పేద కుటుంబాల పిల్లలు సుమారు 1400 మందిపై ఒక సర్వే జరిగింది. మన రెండు రాష్ట్రాలు అందులో లేకపోయినా, దాని ఫలితాలు మనకూ పరిచయమైనవే. పల్లెల్లో ఆన్‌లైన్‌లో క్రమంగా చదువుతున్న పిల్లలు 8 శాతం మాత్రమే. 37 శాతం మంది అసలు చదవడమే లేదు. బడులు వెంటనే తెరవాలని కోరిన తల్లిదండ్రులు పల్లెల్లో 97 శాతం, పట్టణాల్లో 90 శాతం.

దీన్నిబట్టి ఒక విషయం గ్రహించవచ్చు. ఫోను, ప్రత్యేక గది, చదువుకున్న తల్లిదండ్రులు ఉన్న ఇంట్లో కొంతకాలం ఆగడం సాధ్యమైంది. అవి లేని ఇంట్లో బడి మూతబడితే చదువే మూతబడింది. ఒకే ఊరిలో ఉన్నా, ఇద్దరు తల్లుల అభిప్రాయాలు వేరుగా ఉండడానికి కారణం ఇదే.

వైద్యశాస్త్రం ఏమి తెలిపింది?

ఫ్లూ జ్వరాలను ఎక్కువగా వ్యాపింపజేసేది పిల్లలే. బడి మూసివేస్తే ఫ్లూ నెమ్మదిస్తుందన్న పాత అనుభవంతోనే ప్రపంచమంతటా మొదట బడులు మూసివేశారు. ఆనాటి పరిస్థితిలో అది అర్థం చేసుకోదగిన జాగ్రత్తే. కాని కోవిడ్ నడక వేరుగా ఉంది. వయసు పెరిగే కొద్దీ ఇది ప్రమాదకరమైంది. చిన్నపిల్లలలో ఎక్కువమందికి జలుబు, జ్వరంతో తగ్గిపోయింది. కొందరికి లక్షణాలే కనబడలేదు. తీవ్రమైన జబ్బు, కొన్ని వారాల తరువాత అనేక అవయవాలకు వచ్చే వాపు జబ్బు పిల్లలలో అరుదు. అరుదే గాని అసలు లేదని కాదు. గుండె జబ్బు, క్యాన్సరు వంటివి ముందే ఉన్న పిల్లలకు ప్రత్యేక జాగ్రత్త అవసరమైంది.

2021 జూన్, జూలైలలో భారత వైద్య పరిశోధన మండలి 70 జిల్లాలలో రక్త పరీక్షలు చేసింది. ఆరు నుండి తొమ్మిది సంవత్సరాల పిల్లలలో 57.2 శాతం మందికి, పది నుండి పదిహేడు సంవత్సరాలవారిలో 61.6 శాతం మందికి కోవిడ్ యాంటీబాడీలు కనిపించాయి. అప్పటికి పిల్లలకు టీకా లేదు. దేశంలో చాలాచోట్ల చిన్న తరగతులు ఏడాదికి పైగా జరగనే లేదు. అయినా సగానికి పైగా పిల్లలకు వైరస్ సోకి, వచ్చి వెళ్ళిపోయింది. పెద్దలు పనికి, బజారుకు, పెండ్లిళ్ళకు వెళ్ళివస్తుంటే బిడ్డను మాత్రం ఇంట్లో ఉంచి కాపాడలేమని దీనివలన తేలింది. ఆ జూలైలోనే మండలి అధిపతి, బడులు తెరిచేటప్పుడు ప్రాథమిక తరగతులతో మొదలుపెట్టవచ్చని సూచించారు. మన దగ్గర మొదట తెరిచింది పెద్ద తరగతులు!

తరువాత 2022 జనవరి 3 నుండి 15 సంవత్సరాలు నిండినవారికి, మార్చి 16 నుండి 12 సంవత్సరాలు నిండినవారికి టీకాలు మొదలయ్యాయి. 2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర స్థితి ముగిసిందని ప్రకటించింది.

ఇంట్లో ఉన్న బిడ్డకు వచ్చిన ఇబ్బందులు

బడి అంటే చదువు మాత్రమే కాదు. బిడ్డ ఆరోగ్యానికి అది ఒక రక్షణ. అది లేనప్పుడు ఏమి జరిగిందో చూడండి.

భోజనం: మధ్యాహ్న భోజనం ద్వారా ప్రాథమిక తరగతుల బిడ్డకు రోజుకు 450 క్యాలరీలు, 12 గ్రాముల మాంసకృత్తులు అందాలని నియమం. బడులు మూసినప్పుడు బియ్యం, సరుకులు ఇంటికి ఇచ్చారు. అయితే ఇంటికి వచ్చినవి ఇంటిల్లిపాదీ పంచుకుంటారు. బిడ్డ కంచంలో పడే గ్రుడ్డు, బడిలో పడినంత ఖాయంగా ఇంట్లో పడదు.

మందులు, టీకాలు: నులిపురుగుల మాత్రలు, ఎదిగే ఆడపిల్లలకు ఇచ్చే ఐరన్ మాత్రలు, బడిలో జరిగే ఆరోగ్య పరీక్షలు – ఇవన్నీ బడి ద్వారానే సులువుగా అందేవి.

కళ్ళు: గంటల తరబడి ఫోను చూడడం, ఎండలో ఆడకపోవడం వలన దూరదృష్టి తగ్గుతుంది. చైనాలోని ఫేచెంగ్ పట్టణంలో ఆరేళ్ళ పిల్లలలో ఈ లోపం అంతకు ముందు ఐదేళ్ళలో ఎన్నడూ 5.7 శాతం దాటలేదు. 2020లో అది 21.5 శాతానికి చేరింది.

మనసు: తోటి పిల్లలు లేక చిరాకు, మొండితనం, నిద్ర పట్టకపోవడం, ఫోను తీసుకుంటే విపరీతమైన కోపం కనిపించాయి. తల్లినో తండ్రినో పోగొట్టుకున్న బిడ్డలకు దుఃఖం చెప్పుకోవడానికి ఉపాధ్యాయుడు కూడా దగ్గర లేడు.

భద్రత: పత్తి తీయడానికి, మిరపకాయలు కోయడానికి వెళ్ళిన పిల్లలున్నారు. చదువు ఆగిందని తొందరగా పెండ్లి చేయబడిన ఆడపిల్లలున్నారు. రోజూ హాజరు పిలిచే బడి ఉంటే, రాని బిడ్డ గురించి అడిగేవారు ఒకరు ఉంటారు.

చదువు లోటు ఇప్పుడెలా ఉంది?

అసర్ సర్వే ప్రకారం దేశంలోని పల్లెల్లో మూడవ తరగతి పిల్లలలో రెండవ తరగతి పాఠం చదవగలిగినవారు 2018లో 27.3 శాతం. 2022 నాటికి వారు 20.5 శాతానికి తగ్గారు. 2024లో మళ్ళీ 27.1 శాతానికి వచ్చారు. ఇది సంతోషించవలసిన విషయమే. అయితే 2024లో మూడవ తరగతి చదివినవారు బడులు తెరిచిన తరువాత చేరిన పిల్లలు. 2020లో ఒకటి, రెండు తరగతులలో చేరవలసిన పిల్లలు ఇప్పుడు హైస్కూలులో ఉన్నారు. అక్షరాలు, గుణింతాలు దిద్దవలసిన వయసులో వారికి బడి లేదు. తరగతి మాత్రం ఏటా పెరుగుతూ వచ్చింది. వెనుకబడిన బిడ్డను "మొద్దు" అని, "ధ్యాస లేదు" అని తిట్టే ముందు ఈ సంగతి ఒక్కసారి గుర్తు చేసుకోండి.

ఇంట్లోనే చేయగలిగిన చిన్న పరీక్ష:

1. రెండవ తరగతి తెలుగు వాచకంలోని ఒక పేరా బిడ్డ చేత బిగ్గరగా చదివించండి. ఒత్తుల దగ్గర, గుణింతాల దగ్గర ఆగుతున్నాడేమో గమనించండి.

2. చదివినదాన్ని తన మాటల్లో చెప్పమనండి.

3. 52లో నుండి 17 తీసివేయమనండి. పెద్ద తరగతి అయితే 96ని 4తో భాగించమనండి.

4. చేయలేకపోతే కోప్పడవద్దు. ఎక్కడ ఆగాడో అక్కడి నుండే రోజుకు ఇరవై నిమిషాలు మొదలుపెట్టండి. మీకు చదువు రాకపోతే అన్నో అక్కో పొరుగింటి కాలేజీ అమ్మాయో నేర్పవచ్చు. ఆ సంగతి ఉపాధ్యాయునితో దాచకుండా చెప్పండి.

5. అక్షరాలు మసకగా ఉన్నాయన్నా, తల నొప్పి అన్నా ముందు కంటి పరీక్ష చేయించండి. రోజూ కనీసం రెండు గంటలు ఆరుబయట ఆడనివ్వండి. ఫోను చూసేటప్పుడు ప్రతి 20 నిమిషాలకు, 20 అడుగుల దూరంలోని వస్తువును 20 సెకన్లు చూడమనండి.

6. ఐదేళ్ళకు, పదేళ్ళకు, పదహారేళ్ళకు వేయించవలసిన టీకాలు తప్పిపోయాయేమో చూసుకోండి. టీకాల కార్డు తీసుకుని మీ దగ్గరలోని ఆసుపత్రికి రండి.

బిడ్డ ఎవరితోనూ మాట్లాడకుండా, తిండి నిద్ర మాని, బ్రతకాలని లేదన్న మాటలు అంటుంటే ఆలస్యం చేయకండి. 14416 అనే టెలీ మానస్ నంబరుకు ఉచితంగా ఫోను చేయవచ్చు. పిల్లలకు ఏ ఆపద ఉన్నా 1098కి చెప్పవచ్చు.

మళ్ళీ అటువంటి రోజు వస్తే?

వ్యాధి ఏదైనా కావచ్చు. సంతకం పెట్టే ముందు ఈ ప్రశ్నలు అడగండి:

* ఈ వ్యాధి ఏ వయసువారికి ఎక్కువ ప్రమాదం? పిల్లలకా, పెద్దలకా?
* మన ఇంట్లో ప్రత్యేక జాగ్రత్త కావలసినవారు ఎవరు? బిడ్డను బడి మాన్పించకుండా వారిని కాపాడే మార్గం ఉందా?
* బడిలో కిటికీలు, గాలి, చేతులు కడుక్కోవడానికి నీళ్ళు ఉన్నాయా? చెట్టు క్రింద తరగతి పెట్టగలరా?
* బడి మూసివేస్తే ఎప్పుడు తెరుస్తారు? అప్పటివరకు భోజనం, పాఠం ఎలా అందిస్తారు?
* బజారు, సినిమాహాలు తెరిచినప్పుడు బడి ఎందుకు మూసి ఉంది?

ఆఖరి ప్రశ్నను 2020, 2021లలో మనలో చాలామంది అడగలేదు. అందరికంటె ముందు మూసినది బడి, చివర తెరిచినది కూడా బడే.

పిల్లలను అడ్డగించవద్దని శిష్యులతో చెప్పి, వారిని దగ్గరకు తీసుకున్న ప్రభువు సంగతి మీలో చాలామంది ఎరిగినదే. ఆనాడు పంపినవారైనా, పంపనివారైనా, జరిగినదానికి మిమ్మల్ని మీరు నిందించుకోవద్దు. ఆ రోజుల్లో మీకు తెలిసినంతలో బిడ్డ మేలే కోరారు. ఈ సాయంత్రం బిడ్డను ప్రక్కన కూర్చోబెట్టుకుని, వాచకం తెరిచి ఒక్క పేరా చదివించండి. అతడు తడబడిన చోట చెయ్యి పట్టుకుని మరల నడిపించండి.