రైతు యాప్‌లలో సిమ్ ఆధారిత ఫోన్ నంబరు ధ్రువీకరణ: పద్ధతులు, పరిమితులు

వ్యవసాయ విస్తరణ సేవల్లో మొబైల్ ఫోన్ నంబరు నేడు రైతు చిరునామాగా మారింది. 2013లో కేంద్ర వ్యవసాయ శాఖ ప్రారంభించిన ఎం-కిసాన్ పోర్టల్ ఆ నంబరుకే ఎస్.ఎం.ఎస్. రూపంలో సలహాలు పంపింది. ఆనాడు నంబరు తప్పుగా నమోదైతే ఒక సలహా వేరొకరికి చేరేది, నష్టం అంతటితో ఆగేది. నేడు పంట నమోదు, రాయితీ దరఖాస్తులు, పథకాల చెల్లింపుల వివరాలు కూడా నంబరుతో ముడిపడి ఉన్నాయి. తప్పు నంబరు నమోదైతే రైతు తన ఖాతాను తానే తెరవలేడు, సంబంధం లేని వ్యక్తి మాత్రం తెరవగలడు. కాబట్టి నంబరు ధ్రువీకరణ పద్ధతి ఎంపికను కేవలం ప్రోగ్రామర్ల పనిగా భావించరాదు. రైతుల వాస్తవ పరిస్థితులు ఎరిగిన విస్తరణ శాస్త్రవేత్తలకూ ఇందులో పాత్ర ఉండాలి.

సిమ్ ఏమి నిరూపిస్తుంది?

ఫోన్ నంబరు సిమ్ కార్డులోనే ఉంటుందని చాలామంది భావిస్తారు. వాస్తవానికి సిమ్‌లో ప్రధానంగా ఉండేవి చందాదారుని అంతర్జాతీయ గుర్తింపు సంఖ్య, ఒక రహస్య సంకేతం. ఆ గుర్తింపు సంఖ్యకు చెందిన 10 అంకెల ఫోన్ నంబరు ఏదో టెలికాం సంస్థ సర్వర్లలో నమోదై ఉంటుంది. అందువల్లనే యాప్ నేరుగా సిమ్ నుండి నంబరును చదవబోతే అనేక ఫోన్లలో ఖాళీ సమాధానమే వస్తుంది. ఆండ్రాయిడ్‌లో ఫోన్‌లోని నంబర్లను సూచనగా చూపే సదుపాయం ఉన్నప్పటికీ అది టైపు చేసే శ్రమను తగ్గిస్తుందే తప్ప ధ్రువీకరణ కాదు. ధ్రువీకరణ ఏదో ఒక రూపంలో టెలికాం నెట్‌వర్క్ ద్వారానే జరగాలి.

ప్రధాన పద్ధతులు

1. ఓటీపీ: సర్వర్ పంపిన అంకెలను వినియోగదారుడు యాప్‌లో నమోదు చేస్తాడు. అత్యంత పరిచితమైన పద్ధతి ఇదే. అయితే ఓటీపీని ఫోన్‌లో చదివి వినిపిస్తే ఎక్కడో ఉన్న వ్యక్తి కూడా ఖాతా తెరవగలడు. అంటే సిమ్, యాప్ ఒకే ఫోన్‌లో ఉన్నాయని ఓటీపీ నిరూపించలేదు.

2. ఫోన్ నుండి వెళ్లే ఎస్.ఎం.ఎస్.: యూపీఐ యాప్‌లు అనుసరించే విధానమిది. రైతు ఫోన్ నుండే ఒక సంకేత సందేశం సర్వర్‌కు వెళుతుంది. దానిని పంపిన నంబరును సర్వర్ గుర్తిస్తుంది. సిమ్ అదే ఫోన్‌లో ఉందనడానికి ఇది ఓటీపీ కంటే బలమైన ఆధారం. అయితే ఎస్.ఎం.ఎస్. పంపే సౌకర్యం లేని రీచార్జి ఉన్నవారికి ఇది పనిచేయదు. రెండు సిమ్‌ల ఫోన్‌లో సందేశం రెండో సిమ్ నుండి వెళ్లే అవకాశం కూడా ఉంది.

3. మిస్డ్ కాల్: సందేశాలు చదవలేని రైతులకు, సాధారణ ఫోన్లు వాడేవారికి ఇది అత్యంత సులభం, ఖర్చు కూడా లేదు. కాల్ చేసిన నంబరును మోసపూరితంగా మార్చి చూపించే వీలున్నందున దీనిని సలహా సేవల నమోదుకే పరిమితం చేయాలి.

4. నెట్‌వర్క్ ద్వారా నేరుగా ధ్రువీకరణ: మొబైల్ డేటా ఏ సిమ్ నుండి వస్తున్నదో టెలికాం సంస్థే నిర్ధారించి సర్వర్‌కు తెలుపుతుంది. రైతు అంకెలు టైపు చేయనవసరం లేదు, ఇతరులకు చెప్పడానికి ఓటీపీయే ఉండదు. కాని ఫోన్ వైఫైలో ఉన్నా, డేటా రెండో సిమ్‌పై నడుస్తున్నా ఇది విఫలమవుతుంది. టెలికాం సంస్థల సహకారమూ తప్పనిసరి.

తెలుగు సందేశాల్లో జాగ్రత్తలు

ట్రాయ్ 2018 నిబంధనల ప్రకారం ఓటీపీ సందేశపు నమూనాను, పంపేవారి గుర్తింపు పేరును ముందుగా నమోదు చేయించాలి. ఆమోదించిన నమూనాకు భిన్నంగా ఉన్న సందేశం రైతుకు చేరదు. ఎస్.ఎం.ఎస్. చదివే అనుమతి కోరే యాప్‌లపై గూగుల్ ప్లే 2019 నుండి కఠిన పరిమితులు అమలు చేస్తున్నది. ఆ అనుమతి లేకుండానే ఓటీపీని గ్రహించే ఆండ్రాయిడ్ సదుపాయం ఉంది. అందుకు సందేశంలో యాప్‌కు చెందిన 11 అక్షరాల గుర్తు ఉండాలి.

ఇంగ్లీషు సందేశం ఒకదానిలో 160 అక్షరాలు పడితే తెలుగులో 70 మాత్రమే పడతాయి. గుణింతపు గుర్తులు, ఒత్తులు కూడా విడిగా లెక్కకు వస్తాయి. కంటికి 5 అక్షరాలుగా కనిపించే ‘ధ్రువీకరణ’ అనే మాట 9 స్థానాలు ఆక్రమిస్తుంది. యాప్ గుర్తుకు 11, ఓటీపీకి 6 పోగా మిగిలేవి 53 స్థానాలే. సంస్థ పేరు, ‘ఎవరికీ చెప్పకండి’ అనే హెచ్చరిక అందులోనే ఇమడాలి.

నంబరు వేరు, రైతు వేరు

పై పద్ధతులన్నీ సిమ్ ఆ క్షణంలో ఎవరి అందుబాటులో ఉందో మాత్రమే తెలుపుతాయి. ఆ వ్యక్తే సాగుదారు అని ఏదీ చెప్పలేదు. ఒకే ఫోన్‌ను కుటుంబమంతా వాడే ఇళ్లలో తల్లి పేరిట ఉన్న పొలానికి కుమారుడి నంబరు నమోదవుతుంది. అతడు ఉపాధికి నగరానికి వెళితే ఓటీపీ కూడా అతనితోనే వెళుతుంది. భూమి రికార్డులోని యజమాని నంబరునే యాప్ స్వీకరిస్తే కౌలు రైతు ప్రతిసారీ యజమానిని బతిమాలుకోవలసి వస్తుంది. పంట నమోదు గడువు రోజుల్లో యజమాని ఫోన్ ఎత్తకపోతే నష్టపోయేది పొలంలో ఉన్న కౌలు రైతే.

రద్దయిన నంబరును కనీసం 90 రోజుల తరువాత టెలికాం సంస్థలు మరొకరికి కేటాయించవచ్చు. ఒకసారి ధ్రువీకరించిన నంబరును శాశ్వత ఆధారంగా తీసుకుంటే, పాత రైతు ఖాతా కొత్త చందాదారుకు తెరుచుకునే ప్రమాదం ఉంది. పీఎం-కిసాన్ యాప్‌లో 2023లో ముఖ గుర్తింపు ద్వారా ఈ-కేవైసీ ప్రవేశపెట్టడంతో ఓటీపీ, వేలిముద్రలు లేకుండానే ప్రక్రియ పూర్తి చేసే వీలు కలిగింది. ప్రత్యామ్నాయ మార్గం ఎందుకు అవసరమో దీనివల్ల అర్థమవుతుంది.

యాప్ రూపకర్తలకు సూచనలు

• వాతావరణ సూచనలు, తెగుళ్ల యాజమాన్యం వంటి సమాచారాన్ని నంబరు అడగకుండానే అందించాలి. ఖాతా, దరఖాస్తు, చెల్లింపు వివరాలకే ధ్రువీకరణ కోరాలి.

• ఒక నంబరుపై ఒకరికంటే ఎక్కువ సాగుదారుల నమోదుకు అవకాశం ఇవ్వాలి. ఫోన్ యజమానిని, సాగుదారును వేర్వేరుగా నమోదు చేయాలి.

• ఓటీపీకి స్వల్ప గడువు, తప్పు ప్రయత్నాలకు పరిమితి విధించాలి. సిగ్నల్ బలహీనంగా ఉన్న గ్రామాల్లో సందేశం ఆలస్యంగా చేరుతుందని గుర్తించి, ఎంచుకున్న గడువును పొలాల్లో పరీక్షించాలి.

• కొత్త ఫోన్ నుండి, లేదా దీర్ఘకాలం తరువాత ఖాతా తెరిచినప్పుడు తిరిగి ధ్రువీకరించాలి.

• నంబరు మార్పుకు రైతు సేవా కేంద్రంలో సిబ్బంది సమక్షంలో గుర్తింపు పత్రాలతో పూర్తయ్యే మార్గం ఉంచాలి. పాత నంబరుకు వచ్చే ఓటీపీని అందుకు షరతుగా పెట్టరాదు.

• 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టాన్ని అనుసరించి, నంబరు ఏ అవసరానికి సేకరిస్తున్నారో రైతుకు తెలుగులో వివరించి సమ్మతి పొందాలి.

యాప్ విడుదలకు ముందు పరీక్షలు విశ్వవిద్యాలయ ప్రాంగణంలోని వైఫైతో ముగియరాదు. రెండు సిమ్‌ల ఫోన్‌తో, చవక రీచార్జితో, సిగ్నల్ అంతంతమాత్రంగా ఉన్న పొలంలో, కౌలు రైతు చేతిలో కూడా పరీక్షించాలి. ఓటీపీ రాని రైతు తరువాత ఏమి చేయాలో యాప్ తెరపై స్పష్టంగా కనిపించినప్పుడే ఆ యాప్ విడుదలకు సిద్ధమైనట్లు పరిగణించాలి.