పనులు మిగిలాయి, తనఖా విడిపోయింది: బిల్డరుకూ పురపాలికకూ మధ్య చివరి బేరం

భవనానికి రంగులు వేయడం పూర్తయింది. లిఫ్టులు నడుస్తున్నాయి. కొనుగోలుదారులు గృహప్రవేశానికి ముహూర్తాలు పెట్టుకున్నారు. ఇక మిగిలింది పురపాలక కార్యాలయంలోని ఒక దస్త్రంపై సంతకం మాత్రమే. ఒక నిర్మాణ ప్రాజెక్టుకు సంబంధించి అత్యంత కీలకమైన చర్చ సరిగ్గా ఈ దశలోనే, ఎవరి దృష్టికీ పెద్దగా రాకుండా, జరుగుతుంది. రోడ్డుపై రెండో పొర తారు పడలేదు. లోపలి మురుగు కాల్వ పట్టణ ప్రధాన కాల్వతో కలవలేదు. పార్కుకు ప్రహరీ లేదు. మురుగుశుద్ధి కేంద్రం కట్టారు గాని అది నడవడం లేదు. ఇవన్నీ పూర్తయ్యాకే ధృవపత్రం ఇస్తామని పురపాలిక అంటుంది. ముందు ధృవపత్రం ఇస్తే ఆరు నెలల్లో పూర్తిచేస్తానని బిల్డరు అంటాడు.

ఈ బేరంలో ఎవరు ముందు మెట్టు దిగుతారన్న దానిపైనే ఆ కాలనీలో రాబోయే ఇరవై ఏళ్లపాటు వానాకాలం ఎలా గడుస్తుందో ఆధారపడి ఉంటుంది.

ప్రాజెక్టుకు అనుమతి పొందే సమయంలో బిల్డరు ఇచ్చే హామీలు రెండు రకాలు. కొనుగోలుదారుకు ఇచ్చేవి ఒక రకం. ఫ్లాటు విస్తీర్ణం, క్లబ్‌హౌస్, పార్కింగ్ వంటివి వీటిలోకి వస్తాయి. పట్టణానికి ఇచ్చేవి రెండో రకం. రోడ్లు, కాల్వలు, వీధి దీపాలు, నీటి గొట్టాలు, ఖాళీ స్థలాలు నిర్ణీత ప్రమాణాలతో సిద్ధం చేసి స్థానిక సంస్థకు అప్పగించాలి. బిల్డరు మరో ప్రాజెక్టుకు వెళ్లిపోతాడు, కంపెనీ పేరు కూడా మారిపోవచ్చు. పురపాలిక మాత్రం ఎక్కడికీ పోదు. 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చాక పట్టణ ప్రణాళిక, రోడ్లు, నీటి సరఫరా, పారిశుద్ధ్యం, పార్కులు, వీధి దీపాలు పురపాలికలకు అప్పగించదగిన విధులుగా పన్నెండో షెడ్యూలులో చేరాయి. నాసిరకం రోడ్డును స్వీకరించిన పురపాలిక దాని మరమ్మతును కూడా స్వీకరించినట్టే. ఆ ఖర్చు ఆ కాలనీవాసులే కాక పట్టణమంతా చెల్లించే పన్ను నుంచి వస్తుంది.

తనఖా అనే తాళంచెవి

మాటపై నమ్మకం ఒక్కటే చాలదు. అందుకే పలు రాష్ట్రాలు బిల్డరు నుంచి ఏదో ఒక హామీని తమ వద్ద పట్టి ఉంచుకునే ఏర్పాటు చేసుకున్నాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2012లో వెలువడిన భవన నిర్మాణ నియమావళి ప్రకారం నిర్మిత విస్తీర్ణంలో 10 శాతాన్ని అనుమతి ఇచ్చే సంస్థ అధీనంలో ఉంచాలి. లేఅవుట్ల విషయంలో 15 శాతం ప్లాట్లను తనఖా పెట్టించుకోవడం తెలుగు రాష్ట్రాల్లో స్థిరపడిన పద్ధతి. ముందుగా తాత్కాలిక లేఅవుట్ అనుమతి వస్తుంది. అభివృద్ధి పనులు పూర్తిచేసి, రోడ్లను, ఖాళీ స్థలాలను రిజిస్టర్డ్ గిఫ్ట్ డీడ్ ద్వారా స్థానిక సంస్థకు రాసిచ్చాక తనఖా విడుదలై తుది లేఅవుట్ చేతికి వస్తుంది. హర్యానా 1975లో చేసిన పట్టణ ప్రాంతాల అభివృద్ధి చట్టం మరో దారి పట్టింది. అక్కడ అభివృద్ధి పనుల అంచనా వ్యయంలో 25 శాతానికి బ్యాంకు గ్యారంటీ ఇవ్వాలి.

తనఖా ఎలా పనిచేస్తుందో, ఎక్కడ విఫలమవుతుందో ఒక ఊహాజనిత లెక్కతో చూడవచ్చు. 100 ప్లాట్ల లేఅవుట్‌లో 15 ప్లాట్లు తనఖాలో ఉన్నాయనుకుందాం. ప్లాటు ధర 20 లక్షల రూపాయలైతే పురపాలిక చేతిలో 3 కోట్ల విలువైన పట్టు ఉన్నట్టు. మిగిలిన పనుల ఖర్చు 1 కోటి 20 లక్షలు. 3 కోట్లు విడిపించుకోవడానికి ఆ మొత్తం ఖర్చుపెట్టడం బిల్డరుకు లాభమే కనుక పని జరుగుతుంది. ఇప్పుడు చాలావరకు పనులు అయిపోయాయని, చేతిలో డబ్బు ఆడటం లేదని చెప్పి 10 ప్లాట్లు విడిపించమని ఆయన కోరతాడు. అభ్యర్థన సమంజసంగానే కనిపిస్తుంది. పురపాలిక ఒప్పుకుంటే దాని చేతిలో మిగిలేది 5 ప్లాట్లు, అంటే 1 కోటి రూపాయలు. మిగిలిన పని విలువ మాత్రం 1 కోటి 20 లక్షలే. ఆ క్షణం నుంచి పని పూర్తిచేయడం కన్నా 5 ప్లాట్లను వదులుకోవడమే బిల్డరుకు చవక. ఇక్కడ ఎవరూ చట్టాన్ని ఉల్లంఘించలేదు, ఎవరూ లంచం తీసుకోలేదు. అయినా కాలనీకి కాల్వ రాదు.

అందుకే విడుదల నిష్పత్తిని జరిగిన పనిని బట్టి కాక, మిగిలిన పనిని బట్టి లెక్కించాలి. ఈ తేడా చిన్నదిగా కనిపించినా చివరి బేరంలోని అసలు కీలకం ఇదే. పైగా ఆఖరుకు మిగిలే పనులు సాధారణంగా ఖరీదైనవీ, అమ్మకానికి ఉపయోగపడనివీ అయి ఉంటాయి. ప్రవేశద్వారం, ఫౌంటెన్, మొదటి వీధి తారురోడ్డు ముందే పూర్తవుతాయి. భూమిలో పూడ్చాల్సిన గొట్టం చివరిదాకా మిగిలిపోతుంది.

తనఖాను ప్రయోగించడం కూడా తేలిక కాదు. ప్లాట్లను అమ్మి, వచ్చిన సొమ్ముతో పురపాలికే పనులు చేయించాలి. ఈలోగా బిల్డరు కోర్టుకు వెళ్లవచ్చు. కొన్నిచోట్ల తనఖాలో ఉన్న ప్లాట్లను కూడా అమాయకులకు అమ్మేసి ఉంటారు. రిజిస్టరైన తనఖా ఈసీలో కనిపిస్తుంది గాని, కొనేముందు దాన్ని తీసి చూసేవారు తక్కువ. బ్యాంకు గ్యారంటీకైతే గడువు ఉంటుంది. గడువు లోపల పొడిగించుకోకపోయినా, సొమ్ము రాబట్టుకోకపోయినా అది చిత్తు కాగితమే. కమిషనర్ బదిలీ అయిన ఏడాదిలో ఇటువంటి తేదీలను గుర్తుంచుకునేది ఎవరు?

మరో చిక్కు ఉంది. చాలాచోట్ల లేఅవుట్‌కు అనుమతి ఇచ్చి తనఖా పట్టి ఉంచేది పట్టణాభివృద్ధి సంస్థ. రోడ్లను స్వీకరించి జీవితకాలం మోసేది పురపాలిక లేదా గ్రామ పంచాయతీ. తాళంచెవి ఒకరి వద్ద, బరువు మరొకరి నెత్తిన.

ఎవరికి ఇవ్వాలి, ఎంత ఇవ్వాలి

ఖాళీ స్థలాలను ఉచితంగా రాసిమ్మని అడిగే అధికారం స్థానిక సంస్థకు అసలు ఉందా అన్న ప్రశ్న సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఢిల్లీకి సంబంధించిన చేత్‌రామ్ వశిష్ఠ్ కేసులో, చట్టంలో స్పష్టమైన నిబంధన లేనప్పుడు లేఅవుట్ మంజూరుకు షరతుగా పార్కు, పాఠశాల స్థలాలను ఉచితంగా బదిలీ చేయమనడం చెల్లదని 1990ల మధ్యలో న్యాయస్థానం తేల్చింది. ప్రజాప్రయోజనం కోసం ఆ స్థలాన్ని నిర్వహించే హక్కు వేరు, యాజమాన్యం వేరు అన్నది ఆ తీర్పు సారం. 2023 ఫిబ్రవరిలో చెన్నైకి చెందిన వసంత్ అపార్ట్‌మెంట్స్ యజమానుల సంఘం కేసులో ఫలితం మరోలా వచ్చింది. 10,000 చదరపు మీటర్లు దాటిన స్థలాల్లో 10 శాతాన్ని ఖాళీ స్థలంగా గిఫ్ట్ డీడ్ ద్వారా అప్పగించాలన్న తమిళనాడు నిబంధనను కోర్టు సమర్థించింది. ఈ రెండు తీర్పులనూ పక్కపక్కన పెట్టి చూస్తే పురపాలికలకు ఒక విషయం బోధపడుతుంది. చట్టంలో, అనుమతి పత్రంలో ముందే రాసిన షరతు నిలుస్తుంది. చివరి రోజున బల్ల దగ్గర కొత్తగా తెచ్చిన షరతు నిలవడం కష్టం.

బిల్డర్ల ఫిర్యాదుల్లోనూ న్యాయం లేకపోలేదు. అభివృద్ధి రుసుముల పేరిట పెద్ద మొత్తం ముందే చెల్లించినా, పట్టణ ప్రధాన కాల్వను పురపాలిక ఆ వీధి దాకా తేకపోవచ్చు. అటువంటప్పుడు లోపలి కాల్వను దేనికి కలపమంటారన్న ప్రశ్నకు అధికారి వద్ద జవాబు ఉండదు. ధృవపత్రం ఆలస్యమయ్యే ప్రతి నెలా బిల్డరుకు వడ్డీ పెరుగుతుంది. ఆ ఒత్తిడి తెలిసి దస్త్రాన్ని కావాలని తొక్కిపెట్టే కార్యాలయాలూ ఉన్నాయి. మిగిలిన పనుల జాబితా, వాటి విలువ, గడువు లిఖితపూర్వకంగా ఒక్కసారే ఇవ్వకుండా, తనిఖీకి వచ్చిన ప్రతిసారీ కొత్త లోపం చూపడం పురపాలిక పట్టును బలపరచదు, అనుమానాలను మాత్రమే పెంచుతుంది.

బల్ల దగ్గర లేని మూడో పక్షం

ఈ చర్చలో కొనుగోలుదారుకు కుర్చీ లేదు. కానీ ఇరుపక్షాలూ ఆయన పేరునే ఉపయోగించుకుంటాయి. ‘వందల కుటుంబాలు అద్దె ఇళ్లలో ఎదురుచూస్తున్నాయి, కనీసం పాక్షిక ధృవపత్రమైనా ఇవ్వండి’ అన్నది బిల్డరు చేతిలోని బలమైన వాదన. పాక్షిక ధృవపత్రం తప్పేమీ కాదు. టవర్లు విడివిడిగా పూర్తయ్యే ప్రాజెక్టులకు అది అవసరమే. అయితే ఉమ్మడి సౌకర్యాలన్నీ చివరి టవర్‌కు ముడిపడి ఉండి, ఆ టవర్ ఎన్నటికీ లేవకపోతే, ముందుగా చేరినవారు నీటి ట్యాంకర్లతో సంవత్సరాలు వెళ్లదీయాలి.

ధృవపత్రం లేకుండానే ఇల్లు అప్పగిస్తే ఏమవుతుందో ముంబయిలోని సమృద్ధి సహకార గృహ సంఘం అనుభవం చెబుతుంది. సభ్యులు 1997లో ఫ్లాట్లలో చేరారు. బిల్డరు నివాసయోగ్యతా ధృవపత్రం తీసుకురాలేదు. ఫలితంగా ఆస్తిపన్ను 25 శాతం, నీటి చార్జీలు 50 శాతం అదనంగా చెల్లిస్తూ వచ్చారు. ధృవపత్రం తేకపోవడం సేవాలోపమేనని, అది కొనసాగుతున్న తప్పు కనుక కాలపరిమితి దాటిందన్న వాదన చెల్లదని సుప్రీంకోర్టు 2022 జనవరి 11న తీర్పు చెప్పి, పరిహారం విషయాన్ని తిరిగి వినియోగదారుల కమిషన్‌కు పంపింది. అప్పటికి 25 ఏళ్లు గడిచిపోయాయి. బిల్డరు తప్పుకు పురపాలిక విధించిన అదనపు భారాన్ని మోసింది నివాసులు.

2017 మే 1 నుంచి పూర్తిగా అమల్లోకి వచ్చిన స్థిరాస్తి నియంత్రణ చట్టం, అంటే రెరా, కొనుగోలుదారుకు కుర్చీ వేయకపోయినా తలుపు దగ్గర నిలబడే హక్కు ఇచ్చింది. ధృవపత్రం తెచ్చే బాధ్యత బిల్డరుదేనని, నివాసుల సంఘం చేపట్టేదాకా అత్యవసర సేవలను ఆయనే నిర్వహించాలని ఈ చట్టం చెబుతుంది. ధృవపత్రం వచ్చిన 30 రోజుల్లో ప్లాన్లు, ఇతర పత్రాలు సంఘానికి అప్పగించాలి. ఉమ్మడి ప్రాంతాల యాజమాన్యాన్ని మూడు నెలల్లో బదిలీ చేయాలి. ఇల్లు అప్పగించిన నాటి నుంచి అయిదేళ్లలోపు నిర్మాణ లోపం బయటపడి, దాన్ని తెలియజేస్తే, 30 రోజుల్లో సొంత ఖర్చుతో సరిచేయాలి. వీటికన్నా చివరి బేరానికి నేరుగా సంబంధించినది 14వ సెక్షన్. మంజూరైన ప్లాన్‌లో మార్పులు చేయాలంటే కొనుగోలుదారుల్లో మూడింట రెండు వంతుల మంది లిఖితపూర్వక సమ్మతి ఉండాలి. కాబట్టి పార్కు స్థలాన్ని మార్చుకోవడానికో, పిల్లల ఆటస్థలంలో కొత్త బ్లాకు లేపడానికో బిల్డరు, పురపాలిక రాజీపడితే సరిపోదు.

సమ్మతి లేకుండా చేసిన మార్పు ఎంత దూరం పోగలదో నోయిడా చూపింది. అక్కడి ఎమరాల్డ్ కోర్టులో పచ్చిక స్థలంగా చూపిన చోట లేచిన జంట టవర్లను కూల్చివేయాలని సుప్రీంకోర్టు 2021 ఆగస్టు 31న ఆదేశించింది. అధికారులు, బిల్డరు కుమ్మక్కయ్యారని ఆ తీర్పులో పేర్కొంది. 2022 ఆగస్టు 28న అవి నేలమట్టమయ్యాయి.

అప్పగింతకు దశాబ్దాలు

హర్యానా చట్టం ప్రకారం లైసెన్సు పొందినవారు పూర్తి ధృవపత్రం వచ్చాక అయిదేళ్లపాటు రోడ్లు, పార్కులు, నీరు, మురుగు వ్యవస్థలను నిర్వహించి, ఆ తరువాత ప్రభుత్వానికి గాని స్థానిక సంస్థకు గాని ఉచితంగా అప్పగించాలి. కాగితంపై ఇది స్పష్టమైన ఏర్పాటు. ఆచరణలో అయిదేళ్ల గడియారం పూర్తి ధృవపత్రంతోనే మొదలవుతుంది. ధృవపత్రమే రాకపోతే గడియారం కదలదు. గురుగ్రామ్‌లో ప్రైవేటు కాలనీలకు 1980ల నుంచే లైసెన్సులు ఇచ్చారు. అక్కడి నగరపాలక సంస్థ మాత్రం 2008లో ఏర్పడింది. కాలనీలు పాతబడ్డాక అప్పగింత చర్చ మొదలైతే, గొట్టాల మార్పిడి ఖర్చు ఎవరిదన్న వాదనే ప్రధానమవుతుంది. నిర్వహణ రుసుము బిల్డరుకు, ఆస్తిపన్ను కార్పొరేషన్‌కు కడుతూ, గుంతలు పూడ్చే బాధ్యత ఎవరిదో తెలియని స్థితి నివాసులది.

2024 డిసెంబర్ 17న ఉత్తరప్రదేశ్‌కు సంబంధించిన రాజేంద్రకుమార్ బర్జాత్యా కేసులో సుప్రీంకోర్టు దేశమంతటికీ వర్తించే ఆదేశాలు ఇచ్చింది. ధృవపత్రం పొందాకే ఇళ్లు అప్పగిస్తామని బిల్డరు ముందుగా హామీ రాసివ్వాలి. విద్యుత్తు, నీరు, మురుగు కనెక్షన్లు ధృవపత్రం చూపించాకే ఇవ్వాలి. భవనాన్ని హామీగా తీసుకుని రుణం ఇచ్చే బ్యాంకులు కూడా దాన్ని పరిశీలించాకే మంజూరు చేయాలి. ఈ ఆదేశాలతో ధృవపత్రం విలువ పెరిగింది. దాంతోపాటే దాన్ని ఇచ్చే సంతకం విలువ, ఆ సంతకంపై ఒత్తిడి కూడా పెరిగాయి. చిన్న పట్టణాల్లో టౌన్‌ప్లానింగ్ సిబ్బంది కొద్దిమందే. మురుగుశుద్ధి కేంద్రం నడుస్తోందో లేదో పరీక్షించే ఇంజినీరు ఉండకపోవచ్చు; మోటారు తిరిగే శబ్దం వింటే తనిఖీ ముగిసినట్టే.

నివాసుల సంఘం ఏర్పాటుకు మెజారిటీ ఇళ్లు బుక్ అయ్యేదాకా ఆగితే చాలు, ఆ తరువాత మూడు నెలల్లో అది ఏర్పడేలా చూడాల్సింది బిల్డరేనని రెరా చెబుతోంది. అంటే ధృవపత్రం దస్త్రం కదలకముందే సంఘం ఉండవచ్చు. ఆ సంఘం సమాచార హక్కు చట్టం కింద పురపాలికను అడగదగిన పత్రాలు నాలుగు: అనుమతిలోని షరతుల ప్రతి, తనఖా పత్రం, ఇప్పటివరకు విడుదల చేసిన ప్లాట్ల లేదా అంతస్తుల వివరం, మిగిలిన పనుల అంచనా. చివరి రెండింటిలోని అంకెలను పక్కపక్కన పెట్టి పోల్చడానికి అయిదు నిమిషాలు చాలు. తనఖాలో మిగిలిన ఆస్తి విలువ కన్నా మిగిలిన పని విలువ ఎక్కువగా ఉంటే, తదుపరి విడుదలపై సంతకం పడకముందే కమిషనర్‌కు, రెరాకు అభ్యంతరం రాసివ్వవచ్చు.