ఒక చెంబు నీళ్ళు, కాస్త ఓర్పు

కోరుట్లలో మేము వెళ్ళిన ఒక ఇంట్లో తల్లి ఒడిలో బీడీల చాట పెట్టుకొని కూర్చుని ఉంది. పక్కనే రెండున్నరేళ్ళ కొడుకు ఆడుకుంటున్నాడు. వాడి తండ్రి ఉపాధి కోసం గల్ఫ్‌లో ఉన్నాడు. అసర్ అజాన్ వినిపించగానే ఆమె చాట పక్కన పెట్టి లేచింది. పిల్లవాడు పరుగున వచ్చి ఆమె కాళ్ళను చుట్టుకున్నాడు. నిండిన డైపర్ పక్కకు జారి ఆమె సల్వార్ తడిసింది. జానమాజ్ పరుస్తున్న అత్తగారు, "మా పిల్లలెవ్వరికీ ఏడాది దాటాక లంగోటీ అవసరమే రాలేదు" అన్నారు. కోడలు బదులు చెప్పలేదు. బట్టలు మార్చుకోవడానికి లోపలికి వెళ్ళింది. ఆమె కళ్ళు చెమర్చడం మేము గమనించాము.

ఒకప్పటి కరీంనగర్ జిల్లాకు చెందిన కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల పట్టణాల్లో మేము మాట్లాడిన తల్లులు ఏదో ఒక రూపంలో ఈ బాధనే చెప్పుకున్నారు. డైపర్ మాన్పించి చెడ్డీ అలవాటు చేయడం చూడటానికి చిన్న పని. కాని అందులో తల్లి నమాజ్ ఉంది, ఆమె సంపాదన ఉంది, అత్తాకోడళ్ళ సఖ్యత ఉంది. అన్నింటినీ మించి, ఇంకా మాటలు కూడా పూర్తిగా రాని ఒక పసివాడి మనసు ఉంది.

ఇద్దరి మాటా నిజమే

అత్తగారు చెప్పింది అబద్ధం కాదు. మన ఇళ్ళలో దాదీ, నానీ కాళ్ళు చాపుకొని, పాదాల మీద బిడ్డను కూర్చోబెట్టి, "ష్‌... ష్‌..." అంటూ మూత్రం పోయించేవారు. నిద్ర లేవగానే ఒకసారి, పాలు తాగాక ఒకసారి, స్నానానికి ముందు ఒకసారి అలా కూర్చోబెట్టడం వల్ల బిడ్డకు ఆ శబ్దమూ ఆ భంగిమా అలవాటయ్యేవి. నిజానికి ఆ వయసులో బిడ్డ వేళ నేర్చుకోవడం కన్నా, బిడ్డ వేళను పెద్దలు కనిపెట్టడమే ఎక్కువ. దానికి ఇంట్లో ఎప్పుడూ ఒక మనిషి బిడ్డ వెంట ఉండాలి.

కోడలి కష్టమూ అబద్ధం కాదు. బీడీలు చుట్టే తల్లికి ఎన్ని బీడీలు చుడితే అంత కూలి. డైపర్ వేస్తే రెండు మూడు గంటలు చేతులు ఆగకుండా పని సాగుతుంది. డైపర్ లోపల మూత్రాన్ని పీల్చి జిగురుగా మార్చే రసాయన పొడి ఉంటుంది. అందువల్ల బిడ్డ చర్మానికి తడి అంతగా తెలియదు. తల్లికి సౌకర్యమిచ్చిన ఆ గుణమే బిడ్డకు పాఠాన్ని ఆలస్యం చేస్తుంది. 'నాకు మూత్రం వచ్చింది, ఇదిగో తడిసింది' అన్న సంబంధం వాడికి తెలిసే అవకాశం తగ్గిపోతుంది. చెడ్డీ ఆ సంబంధాన్ని తెలియజేస్తుంది. కాబట్టి చెడ్డీ తడవడాన్ని ఓటమిగా భావించరాదు. అది పాఠంలో భాగం.

మస్జిదె నబవీలో ఒక సంఘటన

హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించిన ప్రసిద్ధ హదీసు మనలో చాలామందికి తెలుసు. ఒక పల్లెవాసి అరబ్బు మస్జిదులోకి వచ్చి ఒక మూల మూత్రం పోయసాగాడు. అక్కడున్నవారు అతనిపై కేకలు వేశారు. దైవప్రవక్త (స) వారిని వారించి, అతని పని మధ్యలో ఆపవద్దని చెప్పారు. అతను ముగించిన తరువాత ఒక బొక్కెన నీళ్ళు తెప్పించి ఆ చోట పోయించారు. ఆపై అతన్ని దగ్గరకు పిలిచి, మస్జిదు ఎందుకోసం ఉన్నదో మృదువుగా వివరించారు.

క్రమాన్ని గమనించండి. మొదట ఆపకుండా ఉండటం, తరువాత నీళ్ళతో శుభ్రం చేయడం, చివర మెత్తగా చెప్పడం. అది వయసొచ్చిన మనిషి విషయంలో, భూమిపై పవిత్రమైన చోట జరిగింది. మన గదిలో చాప తడిపిన రెండేళ్ళ బిడ్డకు ఆపాటి దయ దక్కకూడదా? మనమేమో "అయ్యో, అయ్యో" అంటూ మూత్రం పోస్తున్న బిడ్డను మధ్యలోనే ఎత్తుకొని పరుగెత్తుతాము. బిడ్డ బెదిరిపోతాడు, బట్టలూ గదీ మరింత తడుస్తాయి.

ఉమ్మె ఖైస్ (రజి) తన పసిబిడ్డను తీసుకువచ్చినప్పుడు ఆ బిడ్డ దైవప్రవక్త (స) ఒడిలోనే మూత్రం పోశాడు. ఆయన కోపగించలేదు, నీళ్ళు తెప్పించుకున్నారు, అంతే. తన మనవరాలు ఉమామా (రజి)ను ఎత్తుకొనే ఆయన నమాజ్ చేశారు. సజ్దాకు వెళ్ళేటప్పుడు దించి, లేచేటప్పుడు మళ్ళీ ఎత్తుకునేవారు. తహారత్ విషయంలో ఇస్లాం ఎంత ఖచ్చితంగా ఉంటుందో, పసిపిల్లల విషయంలో అంత సున్నితంగా ఉంటుంది. ఈ రెండింటి మధ్య వైరుధ్యం లేదు.

ఎప్పుడు మొదలుపెట్టాలి?

వయసు కన్నా బిడ్డ చూపే గుర్తులు ముఖ్యం. చాలామంది పిల్లల్లో ఇవి 18 నుంచి 24 నెలల మధ్య కనబడటం మొదలవుతాయి. కొందరికి మూడో ఏడు కూడా పట్టవచ్చు. రెండు గంటలపాటు డైపర్ పొడిగా ఉండటం, తడిసిన డైపర్‌ను లాగడం, మల విసర్జన వేళ మూలకో తలుపు చాటుకో వెళ్ళడం, చిన్న చిన్న మాటలు అర్థం చేసుకోవడం, సొంతంగా చెడ్డీ కిందికి లాగగలగడం - ఇవి కనిపిస్తే బిడ్డ సిద్ధమవుతున్నట్లే. ఇంట్లో కొత్త బిడ్డ పుట్టినప్పుడు, తండ్రి సెలవు ముగించుకొని గల్ఫ్‌కు తిరిగి వెళ్ళిన వారంలో, జ్వరం వచ్చినప్పుడు మొదలుపెట్టకపోవడం మంచిది.

ఎలా నేర్పాలి?

ముందుగా ఎనిమిదో పదో చెడ్డీలు సిద్ధం చేసుకోవాలి. సిరిసిల్ల మరమగ్గాలపై నూలు బట్టతోపాటు పాలిస్టర్ బట్ట కూడా విరివిగా తయారవుతుంది. పసివాడి ఒంటికి మాత్రం నూలే మేలు. పాత నూలు లుంగీని కత్తిరించి ఇంట్లోనే కుట్టుకోవచ్చు. నడుము దగ్గర పట్టీ వదులుగా ఉండాలి, బిడ్డ వేళ్ళతో లాగితే దిగిపోవాలి. బొత్తాలు, నాడాలు వద్దు.

రోజులో కొన్ని వేళలు స్థిరంగా పెట్టుకోవాలి: నిద్ర లేవగానే, తిన్న తరువాత, స్నానానికి ముందు, పడుకునే ముందు. జగిత్యాలలో ఒక దాదీ తన వుజూ వేళలనే మనవరాలి వేళలుగా చేసుకున్నారు. ఆమె వుజూకు లేచినప్పుడల్లా పిల్లను వెంట తీసుకెళ్తారు. "నేను వుజూ చేసుకుంటా, నువ్వు సూసూ పోసుకో" అంటారట. ఆ ఇంట్లో గడియారం చూడవలసిన అవసరం రాలేదు, కోడలికి కొంత విశ్రాంతీ దొరికింది.

మన మరుగుదొడ్డి గుంతను చూసి చాలామంది పసిపిల్లలు భయపడతారు. అలాంటప్పుడు మొదట చిన్న పాటీ పీట వాడి, తరువాత పెద్దల చేయి పట్టుకొని కూర్చోవడం నేర్పవచ్చు. మూడు నాలుగు నిమిషాలకు మించి కూర్చోబెట్టకూడదు. మగపిల్లలకైనా మొదట కూర్చొని పోయడమే నేర్పాలి. ఆడపిల్లలను ముందు నుంచి వెనక్కి కడగాలి, లేకుంటే మూత్రంలో ఇన్ఫెక్షన్ రావచ్చు. బీడీ పని చేసే తల్లులు బిడ్డను తాకే ముందు తంబాకు పోయేలా సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

ఇదే ఇస్తింజా నేర్పే సమయం కూడా. లోపలికి ఎడమ కాలు, బయటికి కుడి కాలు, దుఆ తల్లి నోట వినిపించడం, ఎడమ చేత్తో కడగడం, తరువాత సబ్బుతో చేతులు తోమడం. ఇవన్నీ ఆటలా అలవాటవుతాయి. నమాజ్ చేయమని ఆదేశించే వయసే ఏడేళ్ళు; అంతవరకు సావకాశం ఉంది.

చెడ్డీ తడిసినప్పుడు

సిరిసిల్లలో మరమగ్గాల కార్మికుని ఇంట ఒక తల్లి తన అనుభవం చెప్పింది. జానమాజ్ మీద మలం పోసినందుకు మూడేళ్ళ బాబును రెండు దెబ్బలు వేసింది. ఆ తరువాత వాడు నాలుగు రోజులు మల విసర్జనకే వెళ్ళలేదు. కడుపు గట్టిపడింది, చివరికి వెళ్ళినప్పుడు నొప్పితో ఏడ్చాడు. ఆ నొప్పికి భయపడి మళ్ళీ ఆపుకున్నాడు. వైద్యుని దగ్గరకు వెళ్ళాక గాని విషయం తేలలేదు. "వాడు తప్పు చేశాడనుకున్నా, భయపడ్డాడని తెలియలేదు" అన్నది ఆ తల్లి. భయం వల్ల మలం బిగబట్టడం, దానివల్ల మలబద్ధకం, దానివల్ల నొప్పి - ఇది ఒక వలయం. నీళ్ళు, పండ్లు, ఆకుకూరలు ఇస్తూ, మందు విషయం వైద్యుని అడిగి, శిక్షను పూర్తిగా ఆపితేనే అది తెగుతుంది.

తడిసినప్పుడు చేయవలసింది కొద్దిపాటి పనే. "తడిసింది కదా, పద మార్చుకుందాం, ఈసారి అక్కడ పోద్దాం" అనాలి. బిడ్డ చేతనే తడి చెడ్డీని బకెట్లో వేయించాలి. నేలను, బట్టను నీళ్ళతో కడగాలి. హనఫీ ఫిఖహ్ ప్రకారం పాలు తాగే బిడ్డ మూత్రమైనా కడగవలసిందే. కాబట్టి తల్లి నమాజ్ కోసం ఒక జత శుభ్రమైన బట్టలు విడిగా ఉంచుకుంటే ఆందోళన ఉండదు. బట్ట అపరిశుభ్రమైంది, బిడ్డ పాపం చేయలేదు. యుక్తవయసు రాని బిడ్డపై షరీఅత్ పాపం మోపలేదు.

చుట్టాల ముందు, ఫోనులో తండ్రి ముందు "వీడింకా పోసుకుంటున్నాడు" అని నవ్వరాదు. దూరాన ఉన్న తండ్రులకు మా మనవి: వీడియో కాల్‌లో ఎన్నిసార్లు తడిపాడని అడగకండి. ఎన్నిసార్లు చెప్పి వెళ్ళాడో అడిగి, "మాషా అల్లాహ్" అనండి. మీరు ఇవ్వగలిగిన పెద్ద సాయం అదే. బిడ్డ వెంట ఉండే రెండు మూడు వారాలు భార్య కూలి తగ్గితే దానిని నష్టంగా లెక్కించకండి.

పగటి తడి ఆగినా రాత్రి తడి కొన్నాళ్ళు ఉంటుంది. అయిదేళ్ళ లోపు పక్క తడపడం సాధారణమే. రాత్రికీ, కరీంనగర్ దాకా బస్సు ప్రయాణానికీ డైపర్ వేయడం తప్పు కాదు. వాడిన డైపర్‌ను మాత్రం మురికి కాలువలో పడేయకూడదు, కాల్చకూడదు. దానిని చుట్టి విడిగా చెత్త బండికి ఇవ్వాలి. మూత్రంలో మంట, రక్తం, కొన్ని నెలలు పొడిగా ఉన్నాక మళ్ళీ తరచుగా తడపడం వంటివి కనిపిస్తే వైద్యుని సంప్రదించాలి.

కోరుట్ల ఇంటి నుంచి బయలుదేరే ముందు మేము ఆ అత్తగారిని ఒక్క మాట అడిగాము: మీ పిల్లలను కాళ్ళ మీద కూర్చోబెట్టింది ఎవరు? ఆమె కాసేపు ఆలోచించి, "మా అత్తమ్మ" అన్నారు. తరువాత మనవణ్ణి దగ్గరకు పిలిచారు. కోడలు చాట ముందుకు జరుపుకున్నది.

అల్లాహ్ మన ఇళ్ళను పరిశుభ్రంగా ఉంచుగాక, మన నాలుకలను మృదువుగా చేయుగాక. ఆమీన్.