పీపాకు ఎన్ని లీటర్లు?

పిల్లలూ! మా తంబళ్లపల్లె వైపు వేరుసెనగ పండే మెట్టసీమ. వేరుసెనగ నూనెను మేము చెనక్కాయ నూనె అంటాము. మొన్న మా మనవడు నూనె ప్యాకెట్టును తిప్పి తిప్పి చూసి, "తాతా! దీనిమీద 1 లీటరు అనీ వేశారు, 910 గ్రాములనీ వేశారు. ఇందులో ఏది నిజం?" అని అడిగాడు.

రెండూ నిజమే. నూనె ఎంత చోటు పడుతుందో లీటరు చెబుతుంది. ఎంత బరువున్నదో గ్రాములు చెబుతవి. లీటరు నీళ్లు సుమారు కిలో తూగుతవి. నూనె నీటికంటె తేలిక గనక లీటరు నూనె 910 గ్రాములే తూగుతుంది. కిలో ధరకూ లీటరు ధరకూ తేడా తెలియనివాడు అంగట్లో నష్టపోతాడు.

భూమిలోనుంచి తీసే ముడిచమురు విషయంలోనూ ఈ చిక్కే ఉన్నది. 1859లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో చమురు బావి తవ్వారు. ఆ చమురును కొయ్య పీపాలలో నింపి అమ్మేవారు. కొన్నేళ్లకు వర్తకులు పీపాకు 42 గాలన్లని కట్టుబాటు చేసుకున్నారు. ఈనాడు చమురు గొట్టాలలోనూ ఓడలలోనూ పోతున్నది. పీపాలు పోయినవి గాని పీపా లెక్క పోలేదు!

అమెరికా గాలను 3.785 లీటర్లు. దాన్ని 42 చేత గుణిస్తే పీపాకు 159 లీటర్లు వస్తవి. పొరపాటున బ్రిటిష్ గాలనుతో, అంటే 4.546తో గుణించామా, పీపా 191 లీటర్లకు ఉబ్బిపోతుంది!

2024 జనవరిలో మన కృష్ణా-గోదావరి తీరానికి ఎదురుగా, సముద్రగర్భంలోని ఒక కొత్త క్షేత్రంనుంచి ఓ.ఎన్.జి.సి. సంస్థ చమురు తీయడం మొదలుపెట్టింది. ఉత్పత్తి ముమ్మరమైనప్పుడు అక్కడ రోజుకు 45,000 పీపాల చమురూ, కోటి ఘనపు మీటర్ల సహజవాయువూ రాగలవని అప్పుడు అంచనా వేశారు. పీపాలను లీటర్లు చేయండి: 71,55,000. ఘనపు మీటరుకు 35.3 ఘనపుటడుగులు గనక ఆ వాయువు 35 కోట్ల 30 లక్షల ఘనపుటడుగులు.

అయితే వాయువుకు మరొక తంటా ఉన్నది. ఫుట్‌బాల్‌లో గాలి గట్టిగా నిండిన తరువాత కూడా పంపు కొడితే ఇంకొంత పడుతుంది. వాయువు ఒత్తితే కుంచించుకుంటుంది, వేడెక్కితే వ్యాకోచిస్తుంది. అందుచేత ఉత్త "ఘనపు మీటరు" అంటే చాలదు. ఎంత వేడిమిలో, ఎంత ఒత్తిడిలో కొలిచారో కూడా చెప్పాలి. సాధారణంగా 15 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద, మామూలు వాతావరణపు ఒత్తిడిలో లెక్క కడతారు. కొనేవాడికి కావలసింది మంట గనక, మన దేశంలో సహజవాయువు ధరను అది ఇచ్చే వేడిని బట్టి చెబుతారు.

కొలతలు తారుమారైతే ఏమవుతుందో వినండి. 1983 జూలై 23న కెనడాలో ఒక పెద్ద విమానం ప్రయాణానికి సిద్ధమయింది. దానికి 22,300 కిలోల ఇంధనం కావాలి. తొట్లలో 7,682 లీటర్లున్నది. లీటరు ఇంధనం సుమారు 0.8 కిలో తూగుతుంది. కాని లెక్క కట్టినవారు 1.77 చేత గుణించారు. అది లీటరుకు పౌన్ల లెక్క! వచ్చిన జవాబును కిలోలే అనుకున్నారు. 20,000 లీటర్లు పోయవలసిన చోట 5,000 లీటర్లయినా పోయలేదు.

41,000 అడుగుల ఎత్తున ఎగురుతూండగా ఇంధనం నిండుకుని, రెండు ఇంజన్లూ ఆగిపోయినవి. అదృష్టవశాత్తు కెప్టెనుకు ఇంజను లేని గ్లైడర్లు నడిపిన అనుభవం ఉన్నది. విమానాన్ని గద్దలాగా తేలించుకుంటూ వచ్చి, గిమ్లీ అనే ఊళ్లోని పాత విమానాశ్రయంలో దింపాడు. లోపలి 69 మందీ బతికి బయటపడ్డారు. గుణకారంలో తప్పు లేదు, భాగహారంలో తప్పు లేదు. కొలత పేరు ఒకటే తప్పు!

ఇప్పుడు మీకొక లెక్క. ఒక టన్ను ముడిచమురు సుమారు 7.3 పీపాలు. టన్నుకు 1,000 కిలోలు. అయితే ఒక పీపా చమురు బరువెంత? 137 అని రాసి ఊరుకున్నవాడికి నేను సున్న వేస్తాను. 137 కిలోలు అని రాసినవాడికే మార్కులు!