అర్ధవీడు: చెరువు కట్ట తెగే ముందు ఏ సంకేతాలు కనిపిస్తాయి? వాటిని ఎవరు చూడాలి?

మీరు హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉంటారు. అమ్మానాన్నలు అర్ధవీడు మండలంలో ఉంటారు. తుపాను హెచ్చరిక రాగానే ఫోన్ చేసి 'చెరువు ఎంతవరకు నిండింది?' అని అడుగుతారు. అంతకంటే ముందు అడగాల్సింది మరొకటి ఉంది: 'అలుగు శుభ్రంగా ఉందా?'

నల్లమల అంచున ఉన్న ఊళ్లలో వాన పడితే వాగులు గంటల్లోనే పొంగుతాయి. ఆ వరదను మొదట ఆపేది ఊరి చెరువే. అది సాగునీటి కోసమే కట్టినా, ఆ పూట చేసేది వరద నియంత్రణ పనే. మట్టికట్ట నీటి ఒత్తిడిని తట్టుకుంటుంది కానీ, నీరు తన మీదుగా పొర్లితే తట్టుకోలేదు. పొర్లిన నీరు కట్ట వెనుక వాలును కోసుకుంటూ పోతుంది, చివరికి గండి పడుతుంది. అందుకే అదనపు నీరు పోవడానికి కట్ట కంటే తక్కువ ఎత్తులో అలుగు కడతారు. కట్ట ఎంత బలంగా ఉన్నా, అలుగు మూసుకుపోతే ఆ బలం అక్కరకు రాదు.

చట్టం ఏ కట్టలకు వర్తిస్తుంది?

2021 నవంబరు 19న కడప జిల్లాలో చెయ్యేరుపై ఉన్న అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయింది. దిగువన పులపత్తూరు, మందపల్లి లాంటి ఊళ్లలో ప్రాణనష్టం జరిగింది. ఊహించిన దాని కంటే పెద్ద వరద రావడం ఒక కారణం. ఐదు గేట్లలో ఒకటి పనిచేయకపోవడం మరో కారణం. ఇది జరిగిన 13 రోజులకే డ్యామ్ భద్రత బిల్లుకు రాజ్యసభ ఆమోదం దొరికింది. ఆ ఏడాది డిసెంబరు 30 నుంచి చట్టం అమల్లోకి వచ్చింది.

15 మీటర్లు దాటిన డ్యామ్‌లన్నీ ఈ చట్టం కిందకు వస్తాయి. 10 నుంచి 15 మీటర్ల మధ్య ఉన్నవి కొన్ని షరతులకు లోబడి వస్తాయి. ఉదాహరణకు పొడవు 500 మీటర్లకు తగ్గకపోవడం, లేదా నిల్వ 10 లక్షల ఘనపు మీటర్లకు (ఇంజినీర్ల లెక్కలో సుమారు 35 ఎంసీఎఫ్‌టీ) తగ్గకపోవడం. ఇలాంటి డ్యామ్‌లను ఏటా వానాకాలానికి ముందొకసారి, తర్వాతొకసారి తనిఖీ చేయాలి. ప్రమాదం వస్తే ఎవరిని ఎటు తరలించాలో చెప్పే అత్యవసర ప్రణాళిక కూడా ఉండాలి. పాత డ్యామ్‌లకు దీని గడువు ఐదేళ్లు, అంటే 2026 డిసెంబరు చివరి వరకు.

పక్కనే ఉన్న కంభం చెరువు సంగతి చూడండి. గుండ్లకమ్మ మీద రెండు కొండల నడుమ విజయనగర కాలంలో కట్టిన ఈ కట్ట ఎత్తు 57 అడుగులని పాత గెజిటీర్ చెబుతోంది. అంటే 17 మీటర్లు దాటినట్టే. నల్లమల నుంచి దిగే జంపలేరు నీరు కూడా ఇందులోకే వస్తుంది. 2020లో దీనికి ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తింపు వచ్చింది. గుర్తింపు ఫలకం గోడకు పెట్టుకోవడానికి బాగుంటుంది కానీ, కట్ట ఎలా ఉందో చెప్పేది తనిఖీ నివేదికే.

ఇక అర్ధవీడు మండలంలోనే కాకర్ల డ్యామ్ ఉంది. వెలిగొండ ప్రాజెక్టులో సుంకేసుల, గొట్టిపడియ, కాకర్ల వద్ద కొండల మధ్య ఖాళీలను మూసి, 53.85 టీఎంసీల నల్లమల సాగర్‌ను తలపెట్టారు. కొత్త డ్యామ్‌ల విషయంలో చట్టం స్పష్టంగా ఉంది: మొదటిసారి నీళ్లు నింపడానికి ముందే అత్యవసర ప్రణాళిక సిద్ధం కావాలి. కాబట్టి 'నీళ్లెప్పుడిస్తారు?' అని అడిగే ప్రతి సభలో 'ప్రణాళిక ఎక్కడ?' అని కూడా అడగొచ్చు.

మరి ఊరి చెరువు?

నాలుగైదు మీటర్ల కట్ట ఉన్న ఊరి చెరువు ఈ చట్టానికి కనిపించదు. దాని బాధ్యత జలవనరుల శాఖ మైనర్ ఇరిగేషన్ విభాగానిది. 1997 నాటి రైతుల యాజమాన్య చట్టం ప్రకారం సాగునీటి సంఘాలదీ. ఈ సంఘాలకు చాలా కాలం తర్వాత 2024 డిసెంబరులో ఎన్నికలు జరిగాయి. అంటే అడగడానికి ఊళ్లోనే ఒక అధ్యక్షుడు ఉంటాడు.

చిన్న కట్ట కదా అని తేలిగ్గా తీసుకోవద్దు. గొలుసుకట్టు చెరువుల్లో పైది తెగితే, ఆ నీరంతా ఒక్కసారిగా కింది చెరువు మీద పడుతుంది. 2024 జులైలో అశ్వారావుపేట మండలంలో పెద్దవాగు ప్రాజెక్టు కట్ట తెగి, నీరు రాష్ట్రం సరిహద్దు దాటి వేలేరుపాడు వైపు ఊళ్లను ముంచింది.

ఏం చూడాలి?

ఈసారి ఊరెళ్లినప్పుడు కట్ట వెంట ఒక చివర నుంచి మరో చివరకు నడవండి. అరగంట పని. కట్ట మీద చిల్లచెట్లు పెరిగాయా? వాటి వేళ్లు చచ్చాక లోపల సొరంగాల్లాంటి దారులు మిగులుతాయి. పందికొక్కుల బొరియలు కూడా అంతే. కట్ట పైభాగం ఎక్కడైనా కుంగిందా? వరద మొదట పొర్లేది అక్కడే.

అన్నిటికంటే ముఖ్యం, కట్ట వెనుక పాదం దగ్గర ఊట. తేటనీరు ఎప్పుడూ ఒకే తీరున ఊరుతుంటే గుర్తుపెట్టుకుని గమనిస్తుండాలి. ఆ నీరు బురదగా మారినా, ఉన్నట్టుండి పెరిగినా, లోపలి మట్టి కొట్టుకొస్తోందని అర్థం. బుంగ పడటం ఇలాగే మొదలవుతుంది. తూము పక్కన ఇది ఎక్కువగా కనిపిస్తుంది. అలాంటి చోట ఊటను బయటి నుంచి బిగించి మూసేయకూడదు, నీరు ఇంకో దారి వెతుక్కుంటుంది. చుట్టూ ఇసుక బస్తాలు గుండ్రంగా పేర్చి నీటిమట్టం పెంచితే మట్టి రావడం తగ్గుతుంది. ఇది కూడా ఇంజినీరు వచ్చేదాకా చేసే పనే.

అలుగు దగ్గర ఒక పాత అలవాటు ఉంది. ఇంకో పది ఎకరాలు పారుతుందని బస్తాలు పేర్చి అలుగు ఎత్తు పెంచుతారు. రైతు కష్టం అర్థమయ్యేదే. కానీ నీటికీ కట్ట పైభాగానికీ మధ్య వదిలిన ఖాళీ అంతమేరకు తగ్గిపోతుంది. అలుగు కింది వాగు ఆక్రమణకు గురైనా ఇబ్బందే.

ఎవరికి చెప్పాలి?

ఫొటో తీసేటప్పుడు ఫోన్‌లో లొకేషన్ ఆన్ చేయండి. చెరువు పేరు, తూము నుంచి ఎన్ని అడుగుల దూరమో రాసి గ్రామ సచివాలయంలో ఇవ్వండి, మైనర్ ఇరిగేషన్ ఏఈకీ పంపండి. స్పందన లేకపోతే 1100కు ఫోన్ చేయొచ్చు, లేదా సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ పెట్టొచ్చు. రసీదు నంబరు తీసుకోవడం మరవద్దు. వానలో బురదనీరు వస్తుంటే అర్జీల జోలికి పోవద్దు. ముందు దిగువ ఇళ్ల వాళ్లను లేపి, తర్వాత 112కో 1070కో ఫోన్ చేయండి.