గెలిస్తే మనవాడు, ఓడితే పరాయివాడు

2010 అక్టోబరు 8. బెర్లిన్ ఒలింపిక్ స్టేడియంలో జర్మనీ, టర్కీ జట్ల మధ్య ఫుట్‌బాల్ మ్యాచ్. ఆట జరుగుతున్నది జర్మనీ గడ్డ మీదే అయినా టర్కీ జెండాలు పట్టుకున్న ప్రేక్షకులు వేల సంఖ్యలో వచ్చారు. జర్మనీ జట్టులోని ఒక కుర్రాడి కాలికి బంతి అందినప్పుడల్లా వాళ్లు ఈలలు వేసి గేలి చేశారు. ఆ కుర్రాడు మెసుట్ ఓజిల్. తల్లిదండ్రులది టర్కీ మూలం, పుట్టింది జర్మనీలో. ఆట ముగియవచ్చిన వేళ అతను గోలు కొట్టాడు. కానీ సంబరం చేసుకోలేదు. జర్మనీ 3-0తో గెలిచింది.

గేలి చేసిన అభిమానుల దృష్టిలో ఆనాడు అతను జాతిద్రోహి. జర్మనీకి మాత్రం ముద్దుబిడ్డ. ఎనిమిదేళ్లు తిరిగేసరికి ఈ పాత్రలు తారుమారయ్యాయి. టర్కీలో అతనికి హారతులు పట్టారు. జర్మనీలో ఛీత్కారాలు ఎదురయ్యాయి. ఇంతకూ ఓజిల్ ఎవరివాడు? ఇరుపక్షాల అభిమానులూ ఏళ్ల తరబడి వాదించుకున్న ప్రశ్న ఇది. అసలు ఆ ప్రశ్న అడగడంలోనే పొరపాటు ఉందేమో మనం ఆలోచించాలి.

బొగ్గు గనుల ఊరి నుంచి

1961 అక్టోబరు 30న పశ్చిమ జర్మనీ, టర్కీ ప్రభుత్వాలు ఒక ఒప్పందం చేసుకున్నాయి. యుద్ధం తర్వాత పుంజుకున్న జర్మన్ కర్మాగారాలకు, గనులకు పనివాళ్లు కావాలి. టర్కీ పల్లెల్లో పనిలేని యువకులున్నారు. అలా వెళ్లిన లక్షలాది మందికి అక్కడ పెట్టిన పేరు 'అతిథి కార్మికులు'. అతిథి అంటే కొన్నాళ్లుండి వెళ్లిపోయేవాడు. కానీ వాళ్లలో చాలామంది వెళ్లలేదు. పెళ్లాం బిడ్డలను పిలిపించుకుని అక్కడే స్థిరపడ్డారు. ఓజిల్ తాత కూడా అలాగే టర్కీలోని జోంగుల్దక్ ప్రాంతం నుంచి వెళ్లినవాడే.

ఓజిల్ 1988లో గెల్సెన్‌కిర్షెన్ అనే గనుల పట్టణంలో పుట్టాడు. చుట్టూ కంచె వేసిన చిన్న మైదానంలో, తనలాంటి వలస కుటుంబాల పిల్లలతో ఆడుతూ బంతి మీద పట్టు సంపాదించాడు. ఆ రోజుల్లో జర్మనీ పౌరసత్వ చట్టం రక్తసంబంధం మీద ఆధారపడి ఉండేది. అక్కడే పుట్టిన టర్కీ బిడ్డ కూడా కాగితాల మీద విదేశీయుడే. 2000 జనవరి 1 నుంచి గానీ ఆ చట్టం సడలలేదు. ఓజిల్ టర్కీ పౌరసత్వం వదులుకుని జర్మన్ పౌరుడయ్యాడు. 2009లో జర్మనీ జట్టులోకి వచ్చాడు. 2010లో జర్మనీలో పేరుపొందిన 'బాంబి' పురస్కారం అతన్ని వరించింది. అది ఆటకు ఇచ్చింది కాదు, జర్మన్ సమాజంలో చక్కగా కలిసిపోయినందుకు ఇచ్చింది! పుట్టిన ఊళ్లో కలిసిపోయినందుకు బహుమతి ఇవ్వడమంటే, నీవు మొదట బయటివాడివేనని గుర్తుచేయడం కాదా?

భుజాలు వాల్చిన ఆటగాడు

ఓజిల్ మైదానంలో అరిచేవాడు కాదు. కళ్లు పెద్దవి, నడక నెమ్మది. భుజాలు కొంచెం వాలినట్లుండేవి. అతని బలమంతా సహచరులకు సరైన సమయంలో బంతి అందించడంలో ఉంది. ఇంగ్లండులో ఆర్సెనల్ క్లబ్బు తరఫున 2015-16 లీగ్ పోటీల్లో 19 గోళ్లకు బంతి అందించాడు. 2014లో జర్మనీ ప్రపంచ కప్పు గెలిచిన జట్టులో అతనూ ఉన్నాడు. దేశం తరఫున 92 మ్యాచ్‌లు ఆడి 23 గోళ్లు చేశాడు.

అయినా జట్టు ఓడినప్పుడల్లా 'బద్ధకస్తుడు, మనసు పెట్టి ఆడడు' అన్న ముద్ర అతని మీద పడేది. మ్యాచ్‌కు ముందు జాతీయ గీతం వినిపించేటప్పుడు అతను గొంతు కలపక, మనసులో ప్రార్థన చేసుకునేవాడు. అదీ నేరమైంది. 2016లో ఉమ్రా చేసి, పవిత్ర కాబా ముందు దిగిన ఫొటోను లోకానికి చూపించినప్పుడు వలస వ్యతిరేక పార్టీ నాయకులు విమర్శించారు. గీతం పాడని ఆటగాళ్లు పూర్వం కూడా జర్మనీ జట్టులో ఉన్నారు. వాళ్ల దేశభక్తిని ఎవరూ ఇలా తూకం వేయలేదు.

ఒక ఫొటో, ఒక ఓటమి

2018 మే నెలలో లండన్‌లో ఓజిల్, అతని సహచరుడు గుందోగన్ టర్కీ అధ్యక్షుడు ఎర్దోగాన్‌ను కలిసి ఫొటో దిగారు. టర్కీలో ఎన్నికలకు అప్పటికి కొద్ది వారాలే ఉంది. ఆ దేశపు జైళ్లలో ఎందరో పాత్రికేయులు మగ్గుతున్న కాలమది. కనుక ఈ ఫొటో అవసరమా అని అడగడంలో తప్పులేదు. అది ఒక మనిషి తీసుకున్న నిర్ణయం మీద వేసిన ప్రశ్న.

కానీ జూన్ 27న రష్యాలో దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడి జర్మనీ తొలి దశలోనే ఇంటిముఖం పట్టగానే మాట మారింది. ఓడింది జట్టు మొత్తం. నిందలు ఎక్కువగా మోసింది ఓజిల్. ప్రశ్న ఫొటోను దాటి అతని పుట్టుక మీదికి, పేరు మీదికి, మతం మీదికి పాకింది.

జూలై 22న ఓజిల్ జాతీయ జట్టుకు రాజీనామా చేస్తూ సుదీర్ఘ ప్రకటన విడుదల చేశాడు. గెలిస్తే తాను జర్మన్ అని, ఓడితే వలసవాడినని అందులో వాపోయాడు. పోలెండ్‌లో పుట్టిన క్లోజ్, పొడోల్స్కీలను ఎవరూ 'పోలిష్ జర్మన్లు' అనరే, నన్ను మాత్రం 'టర్కిష్ జర్మన్' అని ఎందుకంటారని నిలదీశాడు. నేను ముస్లింను కావడమే కారణమా అని అడిగాడు. జర్మన్ ఫుట్‌బాల్ సమాఖ్య జాతివివక్ష ఆరోపణను తోసిపుచ్చింది. అయితే ఆ వారంలోనే వేలాది వలస కుటుంబాల పిల్లలు బడిలో, ఉద్యోగంలో, అద్దె ఇంటి వేటలో తమకు ఎదురైన అవమానాలను బహిరంగంగా చెప్పుకున్నారు. ఓజిల్ గాయం అతనొక్కడిది కాదని తేలింది.

గుందోగన్ కథ మరోలా సాగింది. అతను జట్టులోనే ఉండి, 2024లో జర్మనీలోనే జరిగిన యూరోపియన్ పోటీల్లో కెప్టెన్‌గా జట్టును నడిపాడు. ఆ పోటీలకు ముందు ఒక టెలివిజన్ సంస్థ జరిపిన సర్వేలో, జట్టులో తెల్లవాళ్లు ఎక్కువ ఉంటే బాగుండునని 21 శాతం మంది చెప్పారు. కెప్టెన్‌ది టర్కీ మూలం కావడం విచారకరమన్నవారు 17 శాతం. కెప్టెన్ అయినా పరీక్ష తప్పలేదన్నమాట.

ఇది మనకు తెలియని కథ కాదు. 2021 అక్టోబరులో పాకిస్తాన్ చేతిలో భారత క్రికెట్ జట్టు ఓడినప్పుడు బౌలర్ మహమ్మద్ షమీపై మతం పేరుతో దూషణలు కురిశాయి. అయితే కెప్టెన్ విరాట్ కోహ్లీ బాహాటంగా షమీ పక్షాన నిలిచాడు. జర్మనీలో ఓజిల్ ఎదురుచూసిందీ, అతనికి దక్కనిదీ అలాంటి మాటే.

తూకం సరిగా ఉందా?

హజ్రత్ అబూజర్ (రజి) ఒకసారి కోపంలో ఒక మనిషిని అతని తల్లి జాతిని ఎత్తి దెప్పారు. మహాప్రవక్త (స) ఆయనను మందలించారు. నీలో ఇంకా అజ్ఞానకాలపు లక్షణం మిగిలి ఉందని హెచ్చరించారు. అబూజర్ సామాన్యుడు కాదు, తొలినాళ్లలోనే ఇస్లాం స్వీకరించిన సహాబీ. అంతటివారికే ఆ హెచ్చరిక అవసరమైంది. ఒకరినొకరు ఎగతాళి చేసుకోవద్దని, చెడ్డపేర్లు పెట్టి పిలుచుకోవద్దని దివ్య ఖుర్ఆన్ హుజురాత్ సూరా బోధిస్తుంది. మనుషులు జాతులుగా, తెగలుగా ఉన్నది ఒకరినొకరు తెలుసుకోవడానికేనని కూడా ఆ సూరాలోనే ఉంది.

ఈ బోధ జర్మన్లకు మాత్రమే చెప్పి ఊరుకుంటే సరిపోదు. బెర్లిన్‌లో ఓజిల్‌ను ద్రోహి అన్నవారిలో మన ధర్మ సోదరులూ ఉన్నారు. తర్వాత అతను చేసిన ప్రతిపనినీ కళ్లుమూసుకుని సమర్థించినవారిలోనూ ఉన్నారు. 2019 డిసెంబరులో చైనాలోని ఉయ్‌గుర్ ముస్లింల బాధల గురించి అతను నోరు విప్పాడు. క్లబ్బు దూరం జరిగింది, చైనా టెలివిజన్ ఆర్సెనల్ మ్యాచ్ ప్రసారాన్ని ఆపేసింది. ఆ ధైర్యాన్ని మెచ్చుకుందాం. అదే నోటితో పాలకుల పక్కన దిగిన ఫొటో గురించి ప్రశ్నించే హక్కు కూడా ఉందని ఒప్పుకుందాం. మనవాడు కాబట్టి తప్పు ఒప్పు కాదు. పరాయివాడు కాబట్టి ఒప్పు తప్పు కాదు.

ఆటగాడి ఆటను ఆటగా చూడాలి. నిర్ణయాన్ని నిర్ణయంగా విమర్శించాలి. అతని తల్లిదండ్రులను, పుట్టుకను, ప్రార్థనను ఆ తక్కెడలో వేయకూడదు. రేపు మన వీధి మైదానంలో పిల్లలు ఆడుతూ ఓడిన జట్టులోని ఒక కుర్రాణ్ణి కులం పేరుతోనో, మతం పేరుతోనో దెప్పితే, పక్కనే నిలబడి చూస్తున్న మనం ఏం చేస్తాం? నవ్వి ఊరుకుంటామా, మహాప్రవక్త (స) అబూజర్‌ను ఆపినట్టు ఆపుతామా?