హాస్టలుకు వెళ్ళే పిల్లలు - ర్యాగింగ్: విద్యార్థులు, తల్లిదండ్రులు తెలుసుకోవలసిన విషయాలు

ప్లస్ టూ, పి.యు.సి., ఇంటర్ - ఏ రాష్ట్రంలో ఏ పేరుతో పిలిచినా, పన్నెండో తరగతి పూర్తికాగానే మన పిల్లల్లో చాలామంది మొదటిసారి ఇల్లు వదిలి వెళుతున్నారు. బరంపురం అబ్బాయి భువనేశ్వర్‌కు, బళ్ళారి అమ్మాయి బెంగళూరుకు, హోసూరు కుర్రవాడు చెన్నైకి, షోలాపూర్ విద్యార్థి పుణేకు, యానాం పిల్లలు పుదుచ్చేరికి వెళ్ళి చదువుకోవడం మనకు కొత్త కాదు. ఫీజు ఎంత, హాస్టలు ఎంత దూరం, ఉపకార వేతనం ఎప్పుడు వస్తుంది అని పదిమందిని అడిగి తెలుసుకుంటాం. అక్కడ మొదటి మూడు నెలలు పిల్లవాడు ఎవరి మధ్య, ఎలా గడుపుతాడన్నది మాత్రం "వాడే అలవాటు పడతాడులే" అని వదిలేస్తాం.

ర్యాగింగ్ ఈ నిర్లక్ష్యంలోనే పెరుగుతుంది. దాన్ని అరికట్టడానికి నియమాలు లేకపోలేదు. అవి చాలా గట్టివి. కాని జరిగింది ఎవరో ఒకరు నోరు విప్పి చెప్పేదాకా ఏ నియమమూ కదలదు. ఎవరికి చెప్పాలో, ఎలా చెప్పాలో, చెప్పిన తర్వాత ఏం జరగాలో ముందే తెలిసి ఉంటే ఆ నోరు విప్పడం సులభమవుతుంది. ఈ వ్యాసం ఉద్దేశం అదే.

ర్యాగింగ్ అంటే ఏమిటి?

కొట్టడం ఒక్కటే ర్యాగింగ్ అని చాలామంది అనుకుంటారు. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యు.జి.సి.) 2009లో తెచ్చిన నిబంధనల ప్రకారం దాని పరిధి చాలా విశాలం. మాటతో గాని, రాతతో గాని, చేతతో గాని కొత్త విద్యార్థిని అవమానించడం, భయపెట్టడం ర్యాగింగే. సిగ్గుపడే పని చేయించడం, సీనియర్ల రికార్డులు, అసైన్‌మెంట్లు రాయించడం, వారి ఖర్చులకు డబ్బు పెట్టించడం, తరగతికి వెళ్ళకుండా ఆపడం కూడా ర్యాగింగే. ఫోనుకు వచ్చే బూతు సందేశాలూ దీని కిందికే వస్తాయి. "సరదాకి చేశాం", "పరిచయం కోసం పిలిచాం" అన్నది సమాధానం కాదు.

2016లో ఈ నిబంధనలకు మరో ముఖ్యమైన అంశం చేర్చారు. రంగు, కులం, మతం, లింగం, రూపం, ప్రాంతం, భాష, పుట్టిన ఊరు, ఆర్థిక స్థితి వంటి కారణాలతో ఏ విద్యార్థినైనా శారీరకంగా గాని మానసికంగా గాని వేధించడం, వెలివేసినట్లు దూరం పెట్టడం ర్యాగింగ్ కిందికే వస్తుంది. మొదటి సంవత్సరం వారికే కాదు, అందరికీ ఇది వర్తిస్తుంది.

ఇది మనకు ప్రత్యేకించి అవసరమైన విషయం. మన పిల్లలు ఇంట్లో తెలుగు, బడిలో కన్నడమో తమిళమో ఒరియానో మరాఠీనో మాట్లాడుతూ పెరిగినవారు. స్థానిక భాషలో యాస దొర్లినా, తెలుగు రాష్ట్రాల కళాశాలలకు వెళ్ళినప్పుడు "ఇదేం తెలుగు?" అని నవ్వినా అది మామూలు వేళాకోళంగా సరిపెట్టుకుంటారు. ఒకసారి నవ్వితే అది వేళాకోళమే కావచ్చు. రోజూ నలుగురి ముందు నిలబెట్టి మాట్లాడించి ఏడిపిస్తే అది శిక్షార్హమైన ర్యాగింగ్.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది. ఊరుగాని ఊరిలో తెలుగు మాట్లాడే సీనియరు కనిపిస్తే ప్రాణం లేచివస్తుంది. "మనవాళ్ళే కదా, ఒకసారి రూముకు రా" అనే పిలుపుతోనే వేధింపు మొదలు కావచ్చు. మన భాషవాడు, మన కులంవాడు, మన ఊరివాడు చేస్తే అది ర్యాగింగ్ కాకుండా పోదు.

ఈ నియమాలు ఎలా వచ్చాయి?

1996 నవంబరులో తమిళనాడులోని చిదంబరంలో, అణ్ణామలై విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో మొదటి సంవత్సరం చదువుతున్న నవరసు అనే విద్యార్థి ఒక సీనియరు చేతిలో హత్యకు గురయ్యాడు. అతని తండ్రి అప్పటి మద్రాసు విశ్వవిద్యాలయం ఉపకులపతి. అంతటివారి కుమారుడికే రక్షణ లేకపోయిందని దేశం ఉలిక్కిపడింది. 1997లో తమిళనాడు ర్యాగింగ్ నిషేధ చట్టం వచ్చింది. అదే ఏడాది ఆంధ్రప్రదేశ్ కూడా చట్టం చేసింది. నవరసు కేసులో దోషికి పడిన యావజ్జీవ శిక్షను హైకోర్టు రద్దు చేయగా, సుప్రీంకోర్టు 2011లో తిరిగి ఖరారు చేసింది. న్యాయానికి పదిహేనేళ్ళు పట్టిందన్నమాట.

2006లో సుప్రీంకోర్టు సూచనపై సి.బి.ఐ. మాజీ డైరెక్టర్ ఆర్.కె. రాఘవన్ అధ్యక్షతన ఒక కమిటీ ఏర్పడింది. దాని సిఫారసులను 2007లో కోర్టు ఆమోదించింది. అయినా 2009 మార్చిలో హిమాచల్ ప్రదేశ్‌లోని ఒక వైద్య కళాశాలలో సీనియర్లు కొట్టిన దెబ్బలకు అమన్ కచ్రూ అనే విద్యార్థి మరణించాడు. ఆ తర్వాతే యు.జి.సి. నిబంధనలు, దేశవ్యాప్త సహాయ ఫోను వచ్చాయి.

రాష్ట్రాల చట్టాలు వేరువేరుగా ఉన్నాయి. తమిళనాడులోను, మహారాష్ట్రలోను (1999 చట్టం) 2 సంవత్సరాల వరకు జైలు, 10,000 రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. మహారాష్ట్రలో ఫిర్యాదు అందిన 7 రోజుల్లో కళాశాల అధిపతి విచారణ జరపాలి. పట్టించుకోకపోతే ఆయనే నేరానికి సహకరించినట్లు లెక్క. కర్ణాటకలో విద్యా చట్టంలోనే ర్యాగింగ్‌కు శిక్ష ఉంది. ఆంధ్రప్రదేశ్ చట్టంలో శిక్ష నేర తీవ్రతను బట్టి పెరుగుతుంది. ర్యాగింగ్ వల్ల ప్రాణం పోతే 10 సంవత్సరాల వరకు జైలు పడవచ్చు. ఒడిశా, పుదుచ్చేరి సహా దేశమంతటా యు.జి.సి. నిబంధనలు, సాధారణ నేర చట్టం వర్తిస్తాయి.

కళాశాల చేయవలసినవి

ఇవి కళాశాల దయతో చేసే పనులు కావు. యు.జి.సి. నిబంధనల ప్రకారం తప్పనిసరి.

1. ర్యాగింగ్ నిరోధక కమిటీ, తనిఖీ దళం ఉండాలి. కమిటీలో అధ్యాపకులతో పాటు పోలీసు, పౌర అధికారులు, తల్లిదండ్రులు, విద్యార్థుల ప్రతినిధులు కూడా ఉండాలి.

2. మొదటి సంవత్సరం వారిని వీలైనంతవరకు వేరే హాస్టలు భవనంలో ఉంచాలి. వీలుకాకపోతే సీనియర్లు వారి గదులకు వెళ్ళకుండా వార్డెను, కాపలాదారులు గట్టిగా చూడాలి.

3. ప్రతి ఆరుగురు కొత్త విద్యార్థులకు ఒక మార్గదర్శక విద్యార్థి ఉండాలి.

4. మొదటి మూడు నెలలు పక్షానికి ఒకసారి, పేర్లు అడగకుండా, కొత్త విద్యార్థుల నుంచి వివరాలు సేకరించాలి.

5. నేరం జరిగినట్లు తేలితే సమాచారం అందిన 24 గంటల్లో కళాశాల అధిపతే పోలీసు స్టేషనులో ఎఫ్.ఐ.ఆర్. దాఖలు చేయాలి.

6. సమాచారం ఇచ్చినవారి పేరు రహస్యంగా ఉంచాలి.

కాగితం మీద ఉన్నవన్నీ అమలులో ఉంటాయని అనుకోకండి. 2023 ఆగస్టులో కోల్‌కతా జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయంలో చేరిన కొద్ది రోజులకే మొదటి సంవత్సరం విద్యార్థి ఒకరు హాస్టలు మేడ మీది నుంచి పడి మరణించాడు. కొత్తవారికి వేరే హాస్టలు ఇచ్చింది ఆ తర్వాతే. నియమం మాత్రం 2009 నుంచీ ఉంది. అందుకే చేర్పించే రోజునే తల్లిదండ్రులు అడగాలి: "మొదటి సంవత్సరం వారికి వేరే భవనం ఉందా? రాత్రిపూట వార్డెను ఎక్కడ ఉంటారు? కమిటీ సభ్యుల ఫోను నంబర్లు ఇస్తారా?" అడిగే తల్లిదండ్రులు ఉన్నారని తెలిస్తేనే కొన్ని చోట్ల పని జరుగుతుంది.

"సర్దుకుపో" అనకండి

పిల్లలు ఫోనులో "బాగానే ఉన్నాను" అంటారు. మీరు కష్టపడి ఫీజు కట్టారని వారికి తెలుసు. చదువు మాన్పిస్తారేమోనని భయం కూడా ఉంటుంది. అందుచేత "బాగున్నావా?" అని కాకుండా వివరంగా అడగండి. రాత్రి ఎన్నింటికి పడుకున్నావు? ఎవరితో కలిసి తిన్నావు? సాయంత్రం రూముకు ఎవరు వచ్చారు?

కొన్ని గుర్తులు గమనించండి. కారణం చెప్పకుండా తరచు డబ్బు అడగడం, ఫోనులో గొంతు తగ్గించి ముక్తసరిగా మాట్లాడడం, సెలవులకు వచ్చి తిరిగి వెళ్ళనని మొరాయించడం, నిద్ర లేకపోవడం, ఒంటిమీద దెబ్బలకు పొంతన లేని కారణాలు చెప్పడం - వీటిలో ఏది కనిపించినా తేలికగా తీసుకోవద్దు. "మా కాలంలో ఇంతకన్నా ఎక్కువ పడ్డాం", "మగపిల్లాడివి, ధైర్యంగా ఉండు" అనే మాట వింటే పిల్లవాడు మరోసారి చెప్పడు. "చెప్పి మంచి పని చేశావు. నీ చదువు ఆగదు. ఏం చేయాలో కలిసి చూద్దాం" అనండి.

జరిగితే ఏం చేయాలి?

మొదట, ఆ రోజే రాసిపెట్టుకోవాలి. తేదీ, సమయం, చోటు, ఎవరు చేశారు, ఏమన్నారు, ఎవరు చూశారు - అన్నీ. ఫోను సందేశాలు చెరిపివేయకూడదు. దెబ్బలు తగిలితే వైద్యునికి చూపించి చీటీ తీసుకోవాలి.

తర్వాత, కళాశాల అధిపతికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, అందినట్లు సంతకం తీసుకోవాలి. అదే సమయంలో యు.జి.సి. సహాయ ఫోను 1800-180-5522కు చెప్పవచ్చు. ఇది ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది. ఫిర్యాదుకు ఒక సంఖ్య ఇస్తారు. దాన్ని జాగ్రత్తగా ఉంచుకోండి.

దెబ్బలు, బెదిరింపు, నిర్బంధం, లైంగిక వేధింపు ఉంటే కళాశాల జవాబు కోసం ఎదురుచూడకుండా 112కు ఫోను చేయాలి. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత ప్రకారం, నేరం ఎక్కడ జరిగినా ఏ పోలీసు స్టేషనులోనైనా సమాచారం ఇవ్వవచ్చు. అంటే పిల్లవాడు చెన్నైలో ఉన్నా, తండ్రి తన ఊరి స్టేషనులోనే ఫిర్యాదు ఇవ్వవచ్చు. ఈమెయిల్ వంటి మార్గంలో పంపితే 3 రోజుల్లో వెళ్ళి సంతకం చేయాలి.

రాసిపెట్టుకోవడం ఎందుకంత ముఖ్యమో చెప్పాలి. 2015లో గుంటూరు సమీపంలోని నాగార్జున విశ్వవిద్యాలయంలో ఒక విద్యార్థిని ప్రాణం తీసుకుంది. ర్యాగింగ్ కారణమనే ఆరోపణపై కేసు నడిచింది. నేరం రుజువు కాలేదని 2024లో కోర్టు కేసు కొట్టివేసింది. మనిషి పోయాక ఆధారాలు వెతకడం కష్టం. మనిషి ఉండగానే, మొదటి వారంలోనే ఫిర్యాదు చేరాలి.

ఫిర్యాదు చేస్తే పగబడతారా?

ఈ భయాన్ని కొట్టిపారేయలేం. 2023 ఆగస్టులో తమిళనాడులోని నాంగునేరిలో పన్నెండో తరగతి చదువుతున్న ఒక దళిత విద్యార్థి, కులం పేరుతో తోటి విద్యార్థులు వేధిస్తున్నారని పాఠశాలలో చెప్పాడు. ఆ రాత్రే వారు ఇంటికి వచ్చి అతన్ని, అడ్డువచ్చిన చెల్లెలిని కొడవళ్ళతో నరికారు. ప్రభుత్వం విశ్రాంత న్యాయమూర్తి కె. చంద్రు కమిటీని నియమించగా, కులాన్ని సూచించే రంగు చేతిపట్టీలను పాఠశాలల్లో నిషేధించడం సహా ఎన్నో సూచనలతో 2024 జూన్‌లో నివేదిక అందింది. ఆ అబ్బాయి ఆస్పత్రి నుంచి కోలుకుని, 2024 పరీక్షలో 600కు 469 మార్కులతో ఉత్తీర్ణుడయ్యాడు.

దీనినుంచి నేర్చుకోవలసింది ఫిర్యాదు మానుకోవాలని కాదు. ఫిర్యాదుతో పాటే రక్షణ అడగాలని. "ఈ రాత్రి నుంచే గది మార్చండి, నా పేరు బయటపెట్టవద్దు, వారిని నా దగ్గరికి రానివ్వవద్దు" అని ఫిర్యాదులోనే రాయండి. అవసరమైతే కొన్ని రోజులు పిల్లవాడిని బంధువుల ఇంట్లో ఉంచండి. ఆ రాత్రి ఒంటరిగా వదలకండి.

సీనియర్లుగా ఉన్న మన విద్యార్థులకు

మీరు, మీ తల్లిదండ్రులు ప్రతి సంవత్సరం ర్యాగింగ్ చేయబోమని హామీపత్రంపై సంతకం చేస్తున్నారు. అందులో ప్రత్యక్షంగానే కాదు, పరోక్షంగా సహకరించడం కూడా తప్పేనని ఉంది. పక్కన నిలబడి నవ్వినవారు, ఫోనులో చిత్రీకరించినవారు కూడా విచారణను తప్పించుకోలేరు. తరగతుల నుంచి సస్పెన్షన్, పరీక్షలకు అనుమతి నిరాకరణ, హాస్టలు నుంచి బహిష్కరణ, ప్రవేశం రద్దు - ఇవన్నీ శిక్షల జాబితాలో ఉన్నాయి. ఉపకార వేతనం నిలిపివేయడం కూడా అందులో ఒకటి. ఎన్నో కుటుంబాల చేయూతతో నిలబడిన చదువు ఒక్క రాత్రి ఆటకు కూలిపోవచ్చు.

మీకు జరిగిందని మరొకరికి చేయనక్కరలేదు. కొత్తగా వచ్చినవారికి మెస్సు, గ్రంథాలయం, బస్సు చూపించండి. ఎవరైనా ఏడిపిస్తుంటే చూసినవారు చెప్పండి. చెప్పినవారి పేరు రహస్యంగా ఉంచడం కళాశాల బాధ్యత.

ఈ నంబర్లు కత్తిరించి పిల్లల పెట్టెలో పెట్టండి: ర్యాగింగ్ సహాయ ఫోను 1800-180-5522. అత్యవసర సహాయం 112. 18 ఏళ్ళలోపు పిల్లలకు 1098. మనసు కుంగినప్పుడు మాట్లాడడానికి టెలీ మానస్ 14416. నంబర్లతో పాటు ఒక మాట కూడా చెప్పి పంపండి: "ఏ వేళకైనా ఫోను చెయ్యి. నిన్ను తప్పుపట్టం."